బోటు కొనేముందు వెనక చూడండి

ఈసారి కార్తీక వనభోజనాలకు చెన్నై పక్కన ముట్టుకాడు దగ్గర కలిసినప్పుడు మన తెలుగు సంఘం సభ్యులు కొందరు కొత్త మాట ఒకటి తెచ్చారు. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక బోటు కొంటే ఎలా ఉంటుందని. మనలో తీరం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఇళ్ళున్నవాళ్ళున్నారు, ఫ్లోరిడాలోనో టెక్సస్‌లోనో పిల్లలున్నవాళ్ళున్నారు. ఆ పిల్లలు వాట్సాప్‌లో పంపిన బోటు ఫొటోలు పులిహోర అయిపోయేలోపే అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయాయి. ఎన్ని హార్స్‌పవర్లు, ఎంతమంది పడతారు, ముందు వేసిన మెత్తలు ఎండకు పాడవుతాయా, పాటలకు స్పీకర్లు ఎన్ని... చర్చ సాయంత్రం దాకా సాగింది. ఆలోచన మంచిదే, నేను అడ్డుచెప్పను. కానీ అంతసేపట్లో బోటు వెనక భాగం ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. బంగాళాఖాతంలో పిల్లాపాపలతో తిరగాలనుకునేవాళ్ళు బోటును వెనక నుంచి చూడటం మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఎందుకో చెబుతాను. మన తీరం తూర్పు ముఖంగా ఉంది. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం మీదికి వెళ్తుంది, నీళ్ళు నిలకడగా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ నేల కాగి, మధ్యాహ్నానికి గాలి దిశ మారుతుంది. మే నెలలో చెన్నై అంతా కాచుకుని కూర్చునే సముద్రపు గాలి అదే. మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు అది హాయి. సరిగ్గా ఆ వేళకే బోటులో ఇంటిదారి పట్టినవాళ్ళకు మాత్రం గాలీ అలా రెండూ వెనక నుంచి తగులుకుంటాయి. వెళ్ళేటప్పుడు అలను కోసుకుంటూ పోవడానికి బోటుకు ఎత్తయిన ముక్కు ఉంది, దాని పనే అది. వచ్చేటప్పుడు అల బోటు వెనక భాగాన్ని ఎత్తి, ముక్కును కిందికి తోసి, మొత్తం బోటును అడ్డంగా తిప్పేయాలని చూస్తుంది. అడ్డం తిరిగిందంటే తరవాతి అల పక్కటెముకల మీద కొడుతుంది. అప్పటికి పిల్లలు ఎండకు వడలి ఉంటారు, ఒకరిద్దరికి కడుపులో తిప్పుతూ ఉంటుంది, బోటు నడిపేవాడి ఓపికా సగమైపోయి ఉంటుంది.

ఇంకో కష్టం మొగ దగ్గర ఉంది. ముట్టుకాడు నీళ్ళు కోవళం దగ్గర సముద్రంలో కలిసేచోటు గానీ, అడయారు మొగ గానీ, పులికాట్ ముఖద్వారం గానీ, అన్నీ ఇసుక మేటలు వేసేవే. వానాకాలంలో తెగి తెరుచుకుంటాయి, ఎండాకాలంలో పూడుకుంటాయి. మేట మీద లోతు తగ్గేసరికి అల నిటారుగా లేచి విరుగుతుంది. ఆటు వేళ లోపలి నీళ్ళు బయటికి లాగుతూ ఉంటే, ఎదురొచ్చే అల ఇంకా నిటారుగా లేస్తుంది. పొద్దున సాఫీగా దాటిన మొగే కదా అనుకుని మధ్యాహ్నం అదే ధీమాతో వస్తే కుదరదు. 2011 డిసెంబరు 25న పులికాట్‌లో విహారానికి వెళ్ళిన పడవ తిరగబడి 22 మంది పోయిన సంగతి ఇక్కడ పాతకాపులకు గుర్తుండే ఉంటుంది.

అసలు ఈ తీరం పడవలకు ఎన్నడూ దయ చూపింది కాదు. హార్బరు కట్టకముందు మద్రాసుకు వచ్చిన ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. మనుషుల్నీ మూటల్నీ ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. మేకులు లేకుండా, చెక్కపలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టి కట్టిన పడవలవి. అల ఎత్తి ఇసుకకేసి కొట్టినా పగలకుండా కాస్త వంగి ఊరుకునేవి. ఆనాటి ఇంగ్లీషువాళ్ళ దగ్గర మంచి పడవలు లేక కాదు, వాటితో ఈ అలల్లో దిగడం కుదరకే మసూలా ఎక్కేవాళ్ళు. తీరా హార్బరు కడితే 1881 నవంబరులో వచ్చిన తుపాను దాన్నీ దెబ్బతీసింది.

కాసిమేడు చేపల రేవులో బోట్ల మీద పనిచేసే మన శ్రీకాకుళంవాళ్ళు ఉన్నారు. ఆ వాట్సాప్ ఫొటోలు వాళ్ళలో ఒకాయనకు చూపించాను. అన్నీ ఓపిగ్గా చూసి, “సీట్లు బాగున్నాయి బాబూ, ఎనక ఏటుందో సూపించండి” అన్నాడు. వెతికితే ఒక్క ఫొటోలోనూ వెనక భాగం లేదు.

వెనక ఏం చూడాలి? ఇంజను బిగించే గోడ ఎత్తు మొదటిది. ఆ గోడకు బయటివైపు తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్లు 15, 20, 25 అంగుళాల కాళ్ళతో వస్తాయి. కాలంటే ఇంజను నుంచి నీళ్ళలోకి దిగే భాగం. గోడ ఎత్తును బట్టి కాలి పొడవు. సముద్రానికైతే 25 అంగుళాల కాలు పట్టే ఎత్తయిన గోడే మేలు. చెరువుల్లో తిరిగే బోట్లకు ఇంజను దగ్గర గోడను కోసి తగ్గిస్తారు. వెనక నుంచి అల వస్తే ఆ కోత లోంచే నీళ్ళు లోపలికి దూకుతాయి. రెండోది, లోపలికి వచ్చిన నీళ్ళు వాటంతటవే బయటికి పోయే ఏర్పాటు. కాళ్ళ కింద నేల బయటి నీటిమట్టం కన్నా ఎత్తుగా ఉండి, మూలల్లో రంధ్రాలుంటే పంపు పనిచేయకపోయినా నీళ్ళు పోతాయి. అడుగున పేరుకునే నీళ్ళను తోడే పంపు మటుకు విడిగా ఉండాలి. నీళ్ళు చేరగానే దానంతటదే ఆన్ అయ్యే రకం కావాలి. మూడోది నిచ్చెన. కనీసం రెండు మెట్లయినా నీళ్ళలో మునిగి ఉండాలి. నీళ్ళలో పడ్డ మనిషి చేతుల బలంతో బోటు ఎక్కగలడని అనుకునేవాళ్ళు ఒకసారి స్విమ్మింగ్ పూల్‌లో తడిబట్టలతో ప్రయత్నించి చూడండి.

మోడళ్ళ విషయానికొస్తే, ముందు భాగాన్ని తెరిచి సోఫాలు వేసిన బౌరైడర్ల మీదే మనవాళ్ళ మోజంతా. అవి చాలావరకు నిలకడ నీళ్ళకు చేసినవి. ముక్కు తక్కువ ఎత్తులో ఉండేసరికి పెద్ద అల ఒకటి నేరుగా ఒళ్ళో పడుతుంది. గొట్టాల్లాంటి తేలుడు పీపాల మీద చదునైన బల్ల వేసిన పాంటూన్ల గురించి మాట్లాడటం కూడా దండగ. నన్నడిగితే 19 నుంచి 22 అడుగుల ఫైబర్ బోటు, అడుగుభాగానికి లోతైన వి ఆకారం, వెనక దగ్గర 20 డిగ్రీల పైచిలుకు వాలు, రెండు పక్కలా కన్సోల్ (ముందు అద్దం బిగించే పెట్టెలాంటి భాగం) ఉండి మధ్య తలుపు మూసుకునే డ్యూయల్ కన్సోల్ రకం చూడమంటాను. ఆ వాలు వల్ల నీళ్ళ మీద నిలిపి ఉంచినప్పుడు కాస్త ఎక్కువ ఊగుతుంది, పెట్రోలూ ఎక్కువే తాగుతుంది. అయినా అల మీద నడుం విరగ్గొట్టదు.

బ్రోషర్‌లో యూరప్ ప్రమాణాల ప్రకారం ఎ, బి, సి, డి అని తరగతి రాసి ఉంటుంది, అది తప్పకుండా అడగండి. డి అంటే అల అర మీటరు దాటని నీళ్ళకే. సి అంటే రెండు మీటర్ల అల దాకా, తీరం దగ్గర తిరగడానికి. కొన్ని బోట్లకు రెండు తరగతులు రాసి, ఒక్కోదానికీ మనుషుల సంఖ్య వేరేగా ఇస్తారు. అమ్మేవాడు సహజంగానే పెద్ద సంఖ్య చెబుతాడు. ఎనిమిదిమంది అని రాస్తే ఎనిమిదిమందే, ఒళ్ళో కూర్చునే పిల్లలూ అందులో లెక్కే. షేర్ ఆటో అలవాటు ఇక్కడ పనికిరాదు.

చేపల వేటకు వాడే తెరిచిన ఫైబర్ పడవను చవగ్గా కొని కుర్చీలు వేయించుకుందామన్నారు ఒకరు. 2004 సునామీ తరవాత కట్టుమరాల స్థానంలో ఎక్కడ చూసినా అవే. మంచి పడవలే. కానీ వల లాగేవాడి కాళ్ళకూ, ఇసుక మీదికి లాక్కొచ్చే పద్ధతికీ సరిపోయేలా చేసినవి. మన అత్తగారినీ, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేని ఆ అంచునీ కలిపి ఊహించుకోండి చాలు.

ఇక ఉప్పు. ఇంజను బోటు లోపల ఉండి, దాని కాలు మాత్రం బయట నీళ్ళలో ఉండే స్టెర్న్‌డ్రైవ్ బోట్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తాయి, ఆశపడకండి. నీళ్ళలో కట్టి ఉంచినంతకాలం ఆ కాలు పూర్తిగా పైకి రాదు. సముద్రపు నీళ్ళతోనే ఇంజను చల్లబడే రకమైతే పొగ వెళ్ళే ఇనప భాగాలు లోపల్నుంచి తినేసుకుపోతాయి. కాలు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగితే కట్టేసిన చోటే బోటు మునుగుతుంది. ఔట్‌బోర్డ్‌ను పని అయ్యాక ఎత్తి నీళ్ళలోంచి బయటపెట్టొచ్చు, గొట్టం తగిలించి మంచినీళ్ళతో పదినిమిషాలు కడగొచ్చు. ప్రతిసారీ కడగాలి, “ఈరోజు దూరం వెళ్ళలేదుగా” అనకూడదు. ఇంజను కాలికి బిగించి ఉండే చిన్న జింక్ ముక్కలు ఇంజనుకు బదులు తాము కరిగిపోవడానికే ఉన్నాయి. సగం అరిగాక మార్చేయాలి. మంచినీళ్ళలో తిరిగిన బోటుకు మెగ్నీషియం ముక్కలుండొచ్చు, సముద్రంలో అవి చూస్తుండగానే కరిగిపోతాయి.

వాడిన బోటు కొనేవాళ్ళు పాలిష్‌ను చూసి మురిసిపోకుండా టార్చిలైటు, స్క్రూడ్రైవరు, రబ్బరు సుత్తి పట్టుకెళ్ళండి. స్టీరింగు కింద ప్యానెల్ విప్పమనండి. వైర్ల చివర్ల దగ్గర ఆకుపచ్చ పొడి ఉంటే ఒకదాని తొడుగు అర అంగుళం కోసి చూడండి. లోపల రాగి నల్లబడి ఉంటే తడి లోపలిదాకా పాకిందని అర్థం. మొత్తం వైరింగు మార్చాల్సిందే. సముద్రపు బోటుకు వేసే వైరు తగరం పూతతో తెల్లగా ఉంటుంది. అల్యూమినియం మీద స్టీలు స్క్రూ దిగినచోట పెయింటు ఉబ్బి, వేలు పెడితే తెల్లటి పొడి రాలితే అక్కడ లోహం తినేసిందన్నమాట. తరవాత వెనక గోడ దగ్గరికి రండి. సుత్తితో కొంచెం కొంచెం దూరంలో తట్టుకుంటూ పోండి. ఖంగుమన్నచోట పరవాలేదు. దబ్ దబ్‌మన్నచోట లోపలి ప్లైవుడ్ నాని కుళ్ళింది. ఇంజనును సగం ఎత్తి దాని మీద బరువు వేసినప్పుడు గోడ కదిలితే, టీ తాగి వచ్చేయండి. చివరగా ఇంజను స్టార్ట్ చేయించి పక్కనుంచి సన్నటి నీటిధార ఆగకుండా వస్తోందో లేదో చూడండి. అది రాకపోతే చల్లబరిచే నీళ్ళు తిరగడం లేదు.

అమెరికా పిల్లలకు తట్టని సమస్య ఒకటుంది, పెట్రోలు. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. చాలా ఔట్‌బోర్డ్ కంపెనీలు 10 శాతం దాటొద్దని పుస్తకంలో రాస్తాయి. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని ట్యాంకులో, చెన్నై ఉక్కలో, నీళ్ళు వేరుపడి అడుగున చేరతాయి. ఇంజను ఆగిపోయేది మొగ దగ్గరే, మరెక్కడా కాదు. కొనేముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా అడగండి. నీళ్ళను వేరుచేసే ఫిల్టరు పెట్టించండి, ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి. ఇంధనంలో మూడోవంతు వెళ్ళడానికి, మూడోవంతు రావడానికి, మిగతాది ముట్టుకోకుండా ఉంచాలి. పెద్ద ఇంజను పక్కన 9.9 హెచ్‌పీ చిన్నది ఒకటి ఉండాలంటాను. జత ఇంజన్ల కన్నా ఇదే నయం. ఆ సైజు ఇంజన్లు మన మత్స్యకారుల ఊళ్ళలో అందరికీ తెలిసినవే, విప్పి బిగించే మనిషి దొరుకుతాడు.

ఇంట్లో ఆడవాళ్ళు పైకి అడగనిది మరుగుదొడ్డి. డ్యూయల్ కన్సోల్‌లో ఒక పక్క కన్సోల్ లోపల దానికి చోటుంటుంది. లేకపోతే రెండోసారి ఎవరూ రారు, బోటు అమ్మకానికొస్తుంది. నీడకు పైన గుడ్డ పందిరి తప్పనిసరి. లైఫ్ జాకెట్లు పెద్దవాళ్ళకు 100 న్యూటన్లు (మనిషిని తేల్చే బలం) అని రాసి ఉన్నవి తీసుకోండి, 50 అని ఉన్నవి ఈత వచ్చినవాళ్ళకు ఊతంగా ఉండేవే. పిల్లలవి వాళ్ళ బరువును బట్టి, కాళ్ళ మధ్య పట్టీ ఉన్నవి. చీర కొంగు, లుంగీ రెండూ నీళ్ళలో ప్రమాదమే, ఈ విషయంలో మొహమాటం వద్దు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో అంత ఘోరం జరిగాక కూడా జాకెట్ వేసుకుంటే ఫొటో బాగుండదనేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. నడిపేవాళ్ళ చేతికి కట్టుకునే ఎర్రతాడు కూడా అంతే. మనిషి పడిపోతే ఇంజను ఆగేది దానివల్లే.

ఖర్చు లెక్కేసుకునేవాళ్ళకు, విహారపు బోట్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. రిజిస్ట్రేషన్, బీమా కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి. 2008 ముంబై దాడుల తరవాత తీరంలో తనిఖీలు పెరిగాయి. బయల్దేరేముందు మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూడండి. అల ఒక మీటరు దాటేరోజు కుటుంబంతో వెళ్ళొద్దన్నది నా లెక్క. కోస్ట్ గార్డ్ నంబరు 1554 అందరి ఫోన్లలో ఉండాలి. కార్తీకంలో ఉత్సాహం వచ్చినా అది తుపాన్ల కాలం, సంక్రాంతి దాటాక చూసుకోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి మరబోట్లు సముద్రంలో ఉండవు. ఆ రోజుల్లో ఇంజను ఆగితే తాడు విసిరేవాళ్ళూ తక్కువే.

ఇంత చెప్పాక, బోటును ఎక్కడ ఉంచుతాం, ఎక్కడ దింపుతాం? ట్రైలర్ మీద తెచ్చి నీళ్ళలోకి జార్చుకోవడానికి అందరికీ తెరిచిన ర్యాంపు ఈసీఆర్ పొడవునా నాకు ఎక్కడా కనపడలేదు. 1911 నుంచి ఉన్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ పోర్టు లోపల ఉంది, సెయిలింగ్ నేర్పుతుంది. బోటు కొనాలనుకునే కుటుంబానికి ఒకరు చొప్పున ముందు అక్కడ చేరితే గాలీ అలా ఏమిటో తెలుస్తాయి. డబ్బు పోగుచేసే కమిటీ వేసేకంటే ముందు, పర్యాటక శాఖకూ మారిటైమ్ బోర్డుకూ ఒక ర్యాంపు కోసం మన సంఘం తరఫున అర్జీ పెడదాం. కోవళం మత్స్యకారుల సంఘాన్నీ కలుపుకోవాలి, ఎందుకంటే ఆ నీళ్ళలో వలలు వాళ్ళవి. తమిళంలో, ఇంగ్లీషులో అర్జీ రాయడానికి నేను సిద్ధం. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.