బరంపురంలో రాత్రిపూట ఊదించడం ఆపకండి

కొన్ని వారాలుగా ఒడిశాలోని మా బరంపురంలో రాత్రిళ్ళు పోలీసులు బళ్ళు ఆపి, తాగి నడుపుతున్నారేమో చూడ్డానికి ఊదిస్తున్నారని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. నిన్న మా బంధువుల గ్రూపులో ఒకరు ఏ రోడ్డు మీద చెకింగ్ ఉందో, ఏ సందులోంచి తప్పించుకోవచ్చో లొకేషన్‌తో సహా పెట్టారు. కింద పది మంది దండాలు పెట్టారు. చూసి ఒళ్ళు మండిపోయింది, అందుకే రాస్తున్నాను.

పదివేలు గుంజుతున్నారు అంటున్నారు కదా, అది ఇక్కడి పోలీసులు పెట్టిన రేటు కాదు. 2019 సెప్టెంబరు 1 నుంచి దేశమంతటా ఉన్నదే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మొదటిసారి పదివేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, ఒక్కోసారి రెండూ. మళ్ళీ దొరికితే పదిహేను వేలు, జైలు రెండేళ్ళ వరకు. ఆటో నడుపుకునేవాడికి పదివేలంటే ఎంతో నాకు తెలుసు. అయినా సరే, ఊదించాల్సిందే అంటాను.

ఎందుకో చెప్తాను. రెండేళ్ళ కిందట మాఘమాసం పెళ్ళిళ్ళ రోజుల్లో మా పిన్ని కొడుకు సోంపేటలో పెళ్ళికి వెళ్ళి, తాగి బైక్ మీద వస్తూ దొరికిపోయాడు. అర్ధరాత్రి ఫోన్: "అన్నయ్యా, బండి పట్టేసుకున్నారు, తెలిసినోళ్ళెవరైనా ఉంటే ఒక మాట చెప్పించవా". చెప్పించాను. ఎవరితోనో ఇక్కడ రాయను. అరగంటలో బండి ఇచ్చేశారు. పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళం నాయనా అని ఏడ్చింది, నేను కూడా ఏదో పెద్ద మేలు చేశాననే అనుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండా వాడు అలాగే తాగి, కూరగాయలమ్మి తోపుడు బండితో ఇంటికి పోతున్న మనిషిని గుద్దేశాడు. వీడికి భుజం ఎముక విరిగింది, అతికింది. ఆయనకి కాలు పోయింది. ఆస్పత్రి వరండాలో ఆయన భార్య ఒడియాలో నన్నే అడిగింది, రేపటి నుంచి బండి ఎవరు తోస్తారు బాబూ అని. నాకు ఒడియా బాగానే వచ్చు, కానీ నోట మాట రాలేదు.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో ఎక్కువమంది వేగం వల్ల పోయినవాళ్ళే, కాదనను, కానీ తాగినవాడు నెమ్మదిగా నడపడం నేనెప్పుడూ చూడలేదు.

పోలీసులకి కూడా ఒక మాట. రాత్రి ఎనిమిదింటికి బజారు మధ్యలో నిలబడి హెల్మెట్ లేనివాళ్ళకి చలానాలు రాయండి, వద్దనను. తాగినవాళ్ళు మాత్రం పదకొండు దాటాక గోపాల్‌పూర్ బీచ్ నుంచి వచ్చే రోడ్డు మీద ఉంటారు, ఇచ్ఛాపురం వైపు నుంచి హైవే మీద వస్తుంటారు. అక్కడ, ఆ వేళలో, శనివారాలూ పెళ్ళి ముహూర్తాల రోజులూ చూసుకుని నిలబడండి. ఒడియాతో పాటు తెలుగులో కూడా బోర్డు పెట్టండి, ఈ ఊళ్ళో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం ఎంతమందిమి, ఆ హైవే మీద ఆంధ్రా లారీలు ఎన్ని! ఇంకొకటి, ఎవరు ఫోన్ చేసినా బండి వదలకండి. నాలాంటివాడు చేసినా సరే.

మా గ్రూపులో ఆ లొకేషన్ తీసేయమని అడిగాను. "నీకేటి బావా, నువ్వు తాగవు కదా" అన్నారు. తీయలేదు. పొద్దున నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను, అప్పటి నుంచి పిన్ని మూడుసార్లు ఫోన్ చేసింది, ఇంకా ఎత్తలేదు. ఎత్తితే ఆ తోపుడు బండి ఇప్పుడు ఎవరు తోస్తున్నారో చెప్పాలి. ఆయన కూతురు తోస్తోంది, పదిహేనేళ్ళుంటాయి.