నేలలో థర్మామీటర్ గుచ్చని లాన్ కంపెనీతో సంతకాలొద్దు

చలి ప్రాంతాల్లో లాన్ సర్వీస్ వాళ్ళు చేతిలో పెట్టే కాగితం దాదాపు అంతటా ఒకేలా ఉంటుంది. ఆరు విజిట్లు, వాటి పక్కన ఆరు తేదీలు, కింద సంతకానికి ఒక గీత. ఏ ఎరువు వేస్తారు, ఎన్ని గ్రాములు వేస్తారు, నేల ఎంత వెచ్చబడ్డాక వేస్తారు, గడ్డి ఎంత ఎత్తున కోస్తారు అన్నవి మాత్రం ఉండవు. గడ్డికి క్యాలెండర్ చూడటం రాదు కదా! ఒక ఏడు మార్చి ఆఖరుకే మంచు కరిగిపోతుంది, ఇంకో ఏడు ఏప్రిల్ సగమైనా నేల తెల్లగానే ఉంటుంది. రెండేళ్ళూ ఒకే తేదీన బండి వచ్చి వాకిట్లో ఆగిందంటే ఆ తేదీ వాళ్ళ రూటు చూసి వేసుకున్నదే.

అంతకంటే పెద్ద గొడవ ఇంకోటుంది. ఈ ప్యాకేజీలు మొత్తం తలకిందులుగా ఉంటాయి. ఆరింట్లో నాలుగు విజిట్లు వసంతంలోనూ ఎండాకాలంలోనూ పడతాయి. చలి ప్రాంతపు గడ్డికి అసలు పని ఉండేది ఆగస్టు చివరి నుంచి నేల గడ్డకట్టేదాకా (ఉత్తరార్ధగోళం నెలల్లో చెప్తున్నా, దక్షిణాన ఉన్నవాళ్ళు ఆరు నెలలు కలుపుకోండి). కెంటకీ బ్లూగ్రాస్, పెరెన్నియల్ రైగ్రాస్, ఫెస్క్యూ లాంటివి పగలు 15 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా పెరిగే జాతులు. అవి ఏడాదిలో రెండుసార్లు ఊపందుకుంటాయి. వసంతంలో ఆ బలమంతా ఆకుకే పోతుంది. ఆ సమయంలో నైట్రోజన్ దండిగా పోస్తే పది రోజులకే లాన్ ముదురు ఆకుపచ్చగా మెరుస్తుంది, వారానికి రెండుసార్లు కోయాల్సి వస్తుంది, వేరు మాత్రం పైపైనే ఉండిపోతుంది. జులై ఎండ తగలగానే మొదట వాడిపోయేది ఆ లానే. సెప్టెంబరులో వేసిన ఎరువుతో అదే గడ్డి వేరు పెంచుకుంటుంది, కొత్త పిలకలు వేస్తుంది, చలికాలానికి మొదళ్ళలో పిండిపదార్థం దాచుకుంటుంది. మే నెలలో పచ్చదనం చూపిస్తే కస్టమర్ మురిసిపోతాడు, సెప్టెంబరులో వేరు పెరిగితే ఎవరికీ కనపడదు. ప్యాకేజీ అలా తయారవడానికి కారణం ఇంతకుమించి ఏమీ లేదని నా అభిప్రాయం.

ఎరువు లెక్క కష్టమేం కాదు, ఎవరైనా వేసుకోవచ్చు. సంచి మీద 24-0-10 అని ఉంటే నూటికి 24 పాళ్ళు నైట్రోజన్. 20 కిలోల సంచిలో 4.8 కిలోలు. ఒక విడతకు 1000 చదరపు అడుగులకు 450 గ్రాముల నైట్రోజన్ అన్నది ఎప్పటినుంచో వాడుకలో ఉన్న కొలత. అంటే ఆ సంచి పదివేల చదరపు అడుగులకు పైనే సరిపోతుంది. మీ లాన్ ఐదువేల అడుగులే అయి, కుర్రాడు సంచి మొత్తం ఖాళీ చేసి వెళ్తే, రెట్టింపు పోసినట్టు. ఏడాది మొత్తానికి రెండు నుంచి నాలుగు విడతలు చాలు. అందులో సగానికి పైగా ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు లోపలే పడాలి. నేల గడ్డకట్టాక చల్లితే మాత్రం అది గడ్డికి అందదు, వసంతంలో కరిగే మంచుతో కొట్టుకుపోయి కాలవలో కలుస్తుంది. మధ్య అంకె ఫాస్ఫరస్. పాత లాన్‌లకు చాలాచోట్ల అది సున్నా ఉన్నా ఇబ్బంది లేదు, కాకపోతే మట్టి పరీక్ష చేయించకుండా ఆ మాట ఖాయంగా అనకూడదు.

ఇక క్రాబ్‌గ్రాస్ (ఏటా విత్తనం నుంచి మొలిచే కలుపు గడ్డి) మందు. అది కలుపు మొలవకముందే నేల పైపొరలో ఉండాలి, మొలిచాక చల్లి లాభం లేదు. రెండు అంగుళాల లోతున నేల వరసగా కొన్ని రోజులు 12, 13 డిగ్రీలు పట్టుకుందంటే ఆ విత్తనం లేస్తుంది. కాబట్టి 10 డిగ్రీలు దాటుతుండగా మందు పడాలి, పడ్డాక అర అంగుళం నీళ్ళో వానో తగలాలి, లేకపోతే గుళికలు గడ్డి మీదే కూర్చుంటాయి. చాకంత ఉండే మట్టి థర్మామీటర్‌తో పొద్దున పూట రెండు మూడు చోట్ల చూస్తే తేలిపోతుంది. దక్షిణం వైపు, కాంక్రీటు అంచున నేల వారం పది రోజులు ముందే వెచ్చబడుతుంది, క్రాబ్‌గ్రాస్ మొదట డ్రైవ్‌వే పక్కనే కనిపించేది అందుకే. అన్నిటికంటే నవ్వొచ్చే సంగతి, "వసంతంలో కలుపు నివారణ, విత్తనాలు చల్లడం" అని రెండూ ఒకే ప్యాకేజీలో అమ్మడం. ప్రోడయమిన్, డైథియోపైర్ లాంటివి మొలకెత్తే విత్తనాన్ని ఆపే మందులు. అది కలుపుదో, మీరు డబ్బిచ్చి చల్లించినదో వాటికి తెలియదు. వేశాక కనీసం రెండు మూడు నెలలు అక్కడ గడ్డి విత్తనం లేవదు. విత్తనంతో కలిపి వాడదగ్గ మెసోట్రయోన్ లాంటివి ఉన్నాయి గానీ, మీవాళ్ళు ఏది వాడుతున్నారో పేరు అడగండి. పేరు చెప్పలేకపోతే అక్కడితో ఆపేయండి.

కోతలో తప్పులు చూడాలంటే కోసిన మర్నాడు వంగి ఒక గడ్డిపరక తెంపి చూడండి. పదునున్న బ్లేడు అయితే కొస గీత గీసినట్టు ఉంటుంది. మొండి బ్లేడు అయితే చీలికలు పీలికలుగా, తెల్లటి పీచు వేలాడుతూ ఉంటుంది. రెండు రోజుల్లో ఆ పీచు గోధుమరంగుకి తిరుగుతుంది, లాన్ మొత్తం దూరానికి మసకబారినట్టు కనిపిస్తుంది. వాళ్ళు దాన్ని తెగులని చెప్పి మందు అమ్మజూస్తారు. బ్లేడు సాన పెట్టించమనండి, ఎనిమిది పది గంటల కోతకు ఒకసారి. ఎత్తు మూడు, మూడున్నర అంగుళాలు. ఒకేసారి మూడో వంతుకు మించి కోయకూడదు. మే నెలలో గడ్డి వారంలో ఆ హద్దు దాటిపోతుంది, జులైలో నిద్రలోకి జారి మూడు వారాలైనా అంగుళం పెరగదు. అయినా మంగళవారం వచ్చిందంటే మోవర్ దిగుతుంది! ఎండి నిద్రపోతున్న గడ్డి మీద బరువైన మోవర్ తిప్పితే చక్రాల చారలు అలాగే ఉండిపోతాయి. కాంట్రాక్టులో "వారానికొకసారి" కొట్టేయించి "నాలుగున్నర అంగుళాలకు చేరినప్పుడు" అని రాయించుకోవచ్చు. కొందరు గునుస్తారు, కొందరు ఒప్పుకుంటారు.

ఏరేషన్ (గట్టిపడ్డ నేలకు రంధ్రాలు వేసి గాలి ఆడేలా చేయడం) గురించి కాస్త వివరంగా చెప్పాలి, డబ్బులు తీసుకుని ఏమీ చేయకుండా వెళ్ళిపోవడానికి ఇంతకంటే వీలైన పని లేదు. సరైన మిషన్ బోలు గొట్టాలతో నేలలోంచి మట్టి బిళ్ళల్ని పైకి లాగుతుంది. ఒక బిళ్ళ చేతిలోకి తీసుకోండి. చిటికెన వేలు లావు, రెండు నుంచి మూడు అంగుళాల పొడవు ఉండాలి. పైన గడ్డి, దాని కింద గోధుమరంగు పీచు పొర, ఆ కింద మట్టి. ఆ పీచు పొర అర అంగుళం దాటితే నీళ్ళూ ఎరువూ అక్కడే ఆగిపోతున్నట్టు. వేళ్ళు ఎంత లోతుకు దిగాయో కూడా అదే బిళ్ళలో కనిపిస్తుంది. బిళ్ళలు అంగుళం కూడా లేవంటే నేల ఎండి ఉండగా మిషన్ తిప్పారని అర్థం. ముందురోజు నీళ్ళు పెట్టాల్సింది. రంధ్రాల మధ్య రెండు మూడు అంగుళాల ఎడం రావాలంటే నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పాలి. ఒక్క విడతతో సరిపెట్టేవాళ్ళే ఎక్కువ. మేకుల చెప్పులు, మేకుల రోలర్ మట్టిని పక్కకు నొక్కుతాయే గానీ బయటకు తీయవు, గట్టి నేల మరింత గట్టిపడుతుంది. మిషన్ వచ్చేలోగా స్ప్రింక్లర్ తలకాయల దగ్గర చిన్న జెండాలు పాతడం మీ పని. బిళ్ళల్ని ఏరి పారేయనివ్వకండి, రెండు వారాల్లో వానకు కరిగి అక్కడే కలిసిపోతాయి.

విత్తనం చల్లించేది ఆ రంధ్రాలున్నప్పుడే. ఇక్కడ విత్తనాల సంచి వెనక లేబుల్ చదవకపోతే మోసపోతారు. రైగ్రాస్ ఐదు నుంచి పది రోజుల్లో మొలుస్తుంది, కెంటకీ బ్లూగ్రాస్‌కి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తొందరగా పచ్చదనం చూపించి బిల్లు వసూలు చేసుకోవాలనుకునేవాడు రైగ్రాస్ ఎక్కువున్న మిక్స్ చల్లుతాడు. అందులో "యాన్యువల్ రైగ్రాస్" అని ఉంటే అది మొదటి చలికాలానికే పోతుంది, పేరులోనే ఉంది. బ్లూగ్రాస్‌కు నేల కింద పాకే కాండాలుంటాయి, ఖాళీలు అదే పూడ్చుకుంటుంది. రైగ్రాస్ దుబ్బుకా సుగుణం లేదు. మొదటి గట్టి మంచు దెబ్బకు కనీసం 45 రోజులు ముందు విత్తనం నేలలో ఉండాలి. అక్టోబరు చివర్లో "ఇప్పుడైనా పర్లేదండీ" అంటూ చల్లేవాళ్ళని నమ్మకండి. మొలక సగంలో ఉండగా నేల గడ్డకడుతుంది. ఆ తేదీ దాటిపోయిందా, నేల 4 డిగ్రీలకు దిగేదాకా ఆగి చల్లండి, విత్తనం నిద్రపోయి వసంతంలో లేస్తుంది.

డాండిలియన్ల (పసుపు పూల కలుపు మొక్కల) మందు కూడా శరదృతువులోనే బాగా పట్టేది. ఆ రోజుల్లో మొక్క ఆకుల్లోంచి చక్కెరను వేరుకు పంపుకుంటుంది, దానితోపాటే మందూ దిగుతుంది. పూలు పూశాక మే నెలలో కొట్టించేది కంటికి ఊరట, అంతే.

చలికాలానికి ముందు స్ప్రింక్లర్ పైపుల్లోని నీళ్ళను గాలితో బయటకు ఊదించడం అన్నిటికంటే ఖరీదైన తప్పులు జరిగేచోటు. నీళ్ళు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతాయి, ఇత్తడి బ్యాక్‌ఫ్లో వాల్వ్ (లాన్ నీళ్ళు వెనక్కి మంచినీళ్ళలో కలవకుండా ఆపేది) నేలకు పైన ఉంటుంది కాబట్టి ముందు పగిలేది అదే. మెయిన్ కట్టేసి, కంప్రెషర్ గొట్టాన్ని బ్యాక్‌ఫ్లో దాటాక ఉన్న కనెక్షన్‌కే తగిలించాలి, దాని గుండా గాలి ఊదకూడదు. కంట్రోలర్‌లో ఎక్కువ దూరంలోని జోన్ (ఒకే వాల్వు కింద నడిచే తలకాయల గుంపు) ముందు తెరిచి, ఆ తర్వాతే గాలి మెల్లగా వదలాలి. జోన్లన్నీ మూసి ఉండగా కంప్రెషర్ నడిపితే పైపో ఫిట్టింగో తన్నేస్తుంది. ఒత్తిడి నల్లటి పాలీ పైపుకి 50 పీఎస్ఐ, పీవీసీకి 80 దాటకూడదు. అసలు కావాల్సింది ఒత్తిడి కంటే గాలి పరిమాణం. ఇంట్లో టైర్లకి వాడే చిన్న కంప్రెషర్‌లో ఒత్తిడి ఉంటుంది, గాలి చాలదు. పైపులో అడుగున నీళ్ళు అలాగే ఉండగా పైనుంచి గాలి జారిపోతుంది, తలకాయలోంచి తుంపర వచ్చింది కదా అని మనం అయిపోయిందనుకుంటాం. ఒక్కో జోన్‌కి రెండు నిమిషాలకు మించొద్దు. ఎండు గాలికి రోటర్ లోపలి ప్లాస్టిక్ పళ్ళచక్రాలు వేడెక్కి కరిగిపోతాయి. ఒకేసారి లాగించడం కంటే చిన్న చిన్నగా రెండు విడతలు మేలు. చివర్లో బ్యాక్‌ఫ్లో మీది బాల్ వాల్వుల పిడుల్ని 45 డిగ్రీల్లో వదలాలి. పూర్తిగా తెరిచినా, మూసినా ఆ గుండు లోపల నీటి బొట్టు చిక్కుకుని పగలగొడుతుంది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఆ పిడులు చూడండి, పని తెలిసినవాడు వచ్చాడో లేదో అక్కడే తెలిసిపోతుంది.

కొమ్మల కత్తిరింపు మీద కూడా ఓ మాట. లైలాక్, ఫోర్సీథియా లాంటి పూల పొదలు నిరుడు వచ్చిన కొమ్మ మీద పూస్తాయి. "శరదృతువు క్లీనప్" పేరుతో వాటిని బంతుల్లా గుండు గీస్తే వచ్చే వసంతపు మొగ్గలన్నీ చెత్త సంచిలోకే పోతాయి. పూలు రాలిన వెంటనే కత్తిరించాలి. చెట్ల మొదట్లో మల్చ్‌ని (నేల మీద కప్పే చెక్క తుక్కుని) చీమలపుట్టలా పోసి పోతారే, అది చూస్తే ఒళ్ళు మండుతుంది. రెండు మూడు అంగుళాల మందం చాలు, కాండానికి జానెడు దూరంలో ఆగాలి. పుట్టలా పోస్తే బెరడు తడిసి కుళ్ళుతుంది, మంచు కింద ఎలుకల్లాంటి వోల్స్ ఆ పుట్టలో కాపురం పెట్టి వసంతానికల్లా కాండం చుట్టూ బెరడు గీరేస్తాయి. చుట్టూతా గీరేస్తే ఆ చెట్టు బతకడం కష్టం. లేత చెట్ల చుట్టూ పావు అంగుళం కన్నాల ఇనప జాలీ, మంచు ఎంత ఎత్తు పేరుకుంటుందో అంతకు పైకి కట్టించండి.

మంచు కరిగాక లాన్ మీద గుండ్రటి బూడిదరంగు మచ్చలు కనిపిస్తే అది స్నో మోల్డ్, మంచు కింద పెరిగే బూజు తెగులు. అప్పుడు ఫంగిసైడ్ అమ్మజూస్తే అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అది పని చేసేదల్లా మంచు పడకముందే. పళ్ళ దంతెతో తేలిగ్గా లేపి గాలి తగలనిస్తే బూడిదరంగుది చాలావరకు కోలుకుంటుంది. గులాబీరంగు అంచున్నది మొదళ్ళను కూడా తినేయగలదు, ఆ చోట్లు గుర్తుపెట్టుకోండి, సెప్టెంబరు విత్తనం అక్కడే పడాలి. ఇది రాకుండా చూసుకోవాలంటే ఆఖరి కోత రెండు, రెండున్నర అంగుళాలకు దించి, రాలిన ఆకుల్ని మోవర్‌తో రూపాయి బిళ్ళలంత ముక్కలు చేయించండి. మందంగా పరుచుకున్న ఆకు మీద మంచు పడటం ఆ బూజుకి పరుపేసినట్టే.

మంచు తీసే కాంట్రాక్టు వేరే కాగితం మీద ఉంటుంది, దాన్నీ చదవండి. ఎన్ని అంగుళాలు పడితే బండి వస్తుంది, తీసిన మంచు ఎక్కడ పోస్తారు, ఏ ఉప్పు వాడతారు అన్నవి రాసి ఉండాలి. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీలు దాటాక దాదాపు పని చేయదు, అయినా గుప్పిళ్ళకొద్దీ చల్లుతారు. ఆ ఉప్పు మంచునే లాన్ అంచున కుప్ప పోస్తే ఏప్రిల్‌లో డ్రైవ్‌వే పొడవునా గోధుమరంగు పట్టీ కనిపిస్తుంది. నేల కరగ్గానే అక్కడ నీళ్ళు బాగా పట్టి ఉప్పును కిందికి దింపాలి. ఇంతకంటే తేలిక, డ్రైవ్‌వే రెండు వైపులా నవంబరులో, నేల గట్టిపడకముందే, బండికి అంచు తెలిసేలా మంచు మీద కనిపించే కర్రలు పాతించడం. డిసెంబరులో గుర్తొస్తే సుత్తెతో కొట్టినా దిగవు.