నాలుగు నిమిషాల ఉద్యోగి

సైన్స్ ఫిక్షన్ భయానక చిత్రాల కొనసాగింపులు మొదటి చిత్రం స్థాయిని అందుకోలేకపోతున్నాయని ప్రేక్షకులూ సమీక్షకులూ దశాబ్దాలుగా చేస్తున్న ఫిర్యాదును నిష్పక్షపాతంగా విచారించిన మీదట, తప్పంతా మొదటి చిత్రాలదేనని ఈ వ్యాసకర్త నిర్ధారణకు వచ్చాడు. పనిని సగంలో వదిలేసి వెళ్లినవాడికి సన్మానాలు జరగడం, మిగిలిన సగాన్ని ఓపిగ్గా పూర్తి చేసినవాడికి మెమోలు అందడం ఏ కార్యాలయంలోనైనా ఉన్నదే. ఇక్కడ జరిగిన అన్యాయం ఎంతటిదో తెలియాలంటే మాత్రం లెక్కలు తీయక తప్పదు. అందుకు ఏలియన్ శ్రేణిని మించిన దస్త్రం దొరకదు. 1979 నుంచి నేటిదాకా ఒకే ఉద్యోగి, మనుషుల రొమ్ము చీల్చుకుని పుట్టే గ్రహాంతర జీవి; పదవీ విరమణ ఎరుగని సర్వీసు.

ముందుగా హాజరు సంగతి చూద్దాం. రిడ్లీ స్కాట్ దర్శకత్వం వహించిన మొదటి ఏలియన్ నిడివి 117 నిమిషాలు. అందులో పూర్తిగా ఎదిగిన ఆ జీవి తెర మీద కనిపించే సమయమంతా కూడితే నాలుగు నిమిషాలకు కాస్త అటూఇటూగా తేలుతుంది. మిగతా సమయంలో అది ఎక్కడుందో, ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. సెలవు చీటీ లేదు, ముందస్తు సమాచారం లేదు. స్విట్జర్లండ్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ అంత శ్రమపడి రూపొందించిన ఆకారాన్ని, ఆరున్నర అడుగులకు పైబడిన పొడవున్న బొలాజీ బడేజో అనే నైజీరియా యువకుణ్ణి వెతికి పట్టుకుని మరీ తొడిగించిన సూటును, గొట్టాల వెనుకా ఆవిరి చాటునా దాచిపెట్టడం పెట్టుబడి పట్ల బాధ్యత ఉన్నవారు చేసే పనేనా? ఒకచోట తోక కనిపిస్తుంది, ఇంకొకచోట కారుతున్న చొంగ కనిపిస్తుంది. మిగిలిన శరీరాన్ని ప్రేక్షకుడు సొంత ఖర్చుతో ఊహించుకోవాలి. ఇంత జరిగాక ఆ చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్ ఇచ్చారు. కనిపించనందుకు ఇచ్చిన బహుమానం బహుశా ఇదొక్కటే అయి ఉంటుంది.

హాజరుతో పోలిస్తే వివరణల విషయంలో అవకతవకలు ఇంకా తీవ్రమైనవి. నోస్ట్రోమో అనే అంతరిక్ష నౌకలోని ఏడుగురిలో కొందరు తెలియని గ్రహం మీద దిగి, ఒక పాడుబడిన ఓడలోకి వెళ్లినప్పుడు అక్కడ బ్రహ్మాండమైన ఆసనంలో ఒక మహాకాయుడి అస్థిపంజరం ఉంటుంది. అది రాయిలా మారిపోయి ఉంటుంది. దాని రొమ్ము ఎముకలు లోపలి నుంచి బయటికి విరిగి ఉంటాయి. ఎవరతను, ఎక్కడి నుంచి వచ్చాడు, ఓడలో ఉన్న ఆ జీవి గుడ్లను ఎక్కడికి తీసుకెళ్తున్నాడు అన్న వాటిలో ఒక్కదానికీ చిత్రంలో సమాధానం లేదు. మనిషి అటూ ఇటూ చూసి, ఇది మన కంటే చాలా పాతది, చాలా పెద్దది అనుకుని, మాట రాక ముందుకు వెళ్లిపోతాడు. అంత పెద్ద ఆస్తిని జమాఖర్చుల్లో చూపకుండా వదిలేసిన రచయితలు, జీతాల విషయానికి వచ్చేసరికి మాత్రం ఎక్కడలేని శ్రద్ధ చూపించారు. ఇంజన్ గదిలో పనిచేసే పార్కర్, బ్రెట్ తమకు బోనస్ వాటా తక్కువని గొణుగుతూనే ఉంటారు. ఆ గ్రహం నుంచి వచ్చిన సంకేతం సంగతి తేల్చుకోవడానికి వెళ్లకపోతే వాటా మొత్తం రద్దవుతుందని కాంట్రాక్టులో ఉందని గుర్తు చేయడంతో నోరు మూసుకుని దిగుతారు. కొంత కథ నడిచాక కంపెనీ ఆదేశం బయటపడుతుంది: ఆ జీవిని భద్రంగా తీసుకురావాలి, మిగతావన్నీ ఆ తరువాతే, సిబ్బంది పోయినా పర్వాలేదు. ఈ ఆదేశాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. దస్త్రంలో ముందుకు వెళ్లేకొద్దీ దీనితో పని పడుతుంది.

1986లో జేమ్స్ కామెరూన్ బాధ్యతలు స్వీకరించాడు. మొదటిదానితో సమానంగా నిలిచిన కొనసాగింపు అంటూ లోకమంతా చూపించేది ఈ ఏలియన్స్‌నే. ఆడిట్ దృష్టిలో అతను చేసింది చాలా తెలివైన బదిలీ. భయానక శాఖలో ఉన్న ఉద్యోగిని యుద్ధ శాఖకు డిప్యుటేషన్ మీద పంపించాడు. మొదటి చిత్రంలో ప్రాణాలతో బయటపడి, 57 ఏళ్లు నిద్రలో ఉండి లేచిన కథానాయిక రిప్లీని, తుపాకులతో గొప్పలు చెప్పుకునే సైనికుల వెంట అదే గ్రహానికి పంపాడు. గుడ్లు పెట్టేది ఎవరన్న ప్రశ్న ఏడేళ్లుగా నలుగుతుంటే, రాణి అనే పోస్టును మంజూరు చేసి ఆ ఖాళీని భర్తీ చేశాడు. దీనివల్ల జరిగిన నష్టాన్ని కూడా నమోదు చేయాలి. రక్తబీజుడి సంఖ్య పెరిగేకొద్దీ దేవతల గుండెలు జారాయి గానీ, ఇక్కడ లెక్క తిరగబడింది. ఒక్కటిగా ఉన్నప్పుడు ఏడుగురికి నిద్ర లేకుండా చేసిన జీవి, గుంపుగా వచ్చేసరికి తూటాలకు పిట్టల్లా రాలిపోయింది.

అయినా ఆ చిత్రం నిలబడింది. కారణం కామెరూన్ భయాన్ని ఆ జీవి దగ్గర వెతకలేదు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న న్యూట్ అనే పాపను రిప్లీ దగ్గరికి తీసుకుంది; ఇక ఆ పాపకు ఏమవుతుందోనన్నదే ప్రేక్షకుడి భయం. రిప్లీగా నటించిన సిగోర్నీ వీవర్‌కు ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ దక్కింది కూడా ఇందుకే. పైగా ఎదిగిన జీవి దాడి చేసేటప్పటికి సినిమా దాదాపు సగం గడిచిపోతుంది. అంటే కామెరూన్ కూడా లోపాయకారీగా పాత హాజరు పద్ధతినే పాటించాడు. ఇది నిబంధనలకు విరుద్ధమని రాయాల్సి ఉన్నా, ఆ చిత్రాన్ని ఎన్నిసార్లు చూసినా కళ్లు తిప్పుకోలేని ఈ ఆడిటరు ఆ పేరాను మూసివేస్తున్నాడు.

1992 నాటి మూడో చిత్రం డేవిడ్ ఫించర్‌కు మొదటి సినిమా. పూర్తి స్క్రిప్టు లేకుండానే చిత్రీకరణ మొదలైంది, స్టూడియో జోక్యం అడుగడుగునా సాగింది, చివరికి ఫించర్ ఆ చిత్రంతో తనకు సంబంధం లేదన్నట్టే ఉండిపోయాడు. పేర్లు పడుతుండగానే న్యూట్ చచ్చిపోతుంది. రెండో చిత్రాన్ని ప్రేమించినవారు ఆ నేరాన్ని ఇప్పటికీ క్షమించలేదు. ఈ వ్యాసకర్త మాత్రం దీనిమీద కాస్త మెత్తగానే ఉన్నాడు. ఆయుధాలు లేని జైలు గ్రహం, ఒకే ఒక్క జీవి, గుండు చేయించుకున్న కథానాయిక, ఇక ఏ దిక్కూ లేదన్న దిగులు ఉన్న ఈ చిత్రానికి, కనీసం తన శాఖ ఏమిటో గుర్తుంది. అయితే ప్రసూతి రికార్డుల్లో తీవ్రమైన తేడా కనబడుతోంది. థియేటర్లో విడుదలైన చిత్రంలో ఆ జీవి ఒక కుక్క నుంచి పుడితే, 2003లో వెలువడిన దీర్ఘ రూపంలో ఎద్దు నుంచి పుట్టింది. రెండింటిలో ఏది సరైనదో యాజమాన్యం ఇప్పటికీ తెలియజేయలేదు.

ఆ చిత్రం చివర రిప్లీ కొలిమిలోకి దూకి ప్రాణం తీసుకుంటుంది. మరణం సర్వీసుకు అంతమని భావించే అమాయకులకు 1997 నాటి నాలుగో చిత్రం గట్టిగా బుద్ధి చెప్పింది. రెండు వందల ఏళ్ల తరువాత ఆమెను క్లోన్ చేసి, కారుణ్య నియామకం కింద ఆమె ఉద్యోగాన్ని ఆమెకే ఇచ్చారు. ఆమె ఛాతీలోంచి తీసిన రాణి ఒక సంకర శిశువును కనడంతో, వరసలు కలిపి చూస్తే రిప్లీ ఆ రాక్షసికి అమ్మమ్మ అయింది. ఆ తరువాత ఆ జీవిని 2004లోనూ 2007లోనూ, మరో చిత్రశ్రేణికి చెందిన ప్రెడేటర్ అనే గ్రహాంతర వేటగాడితో పోట్లాటలకు పంపారు. రెండో పోట్లాట తెర మీద ఏం జరుగుతోందో ఆనవాలు పట్టలేనంత చీకట్లో జరిగింది. చీకటిని ఇంతగా వాడితే మొదటి చిత్రంలా భయపడతారని ఎవరో సలహా ఇచ్చి ఉంటారు.

అసలు బకాయిల వసూలు 2012లో మొదలైంది. రిడ్లీ స్కాట్ స్వయంగా తిరిగి వచ్చి, ముప్ఫై మూడేళ్ల నాటి తన నిర్లక్ష్యాన్ని తానే సరిచేస్తూ ప్రొమీథియస్ తీశాడు. ఆసనంలో శిలగా మారిన ఆ మహాకాయుడు ఎవరన్న ప్రశ్నకు ఇక్కడ లిఖితపూర్వక సమాధానం లభించింది. అది అస్థిపంజరమే కాదట, తొడుక్కున్న సూటట. అది విప్పితే లోపల తెల్లగా, బోడిగుండుతో, వ్యాయామశాలకు రోజూ వెళ్లేవాడిలా కండలు తిరిగిన పొడవాటి మనిషి ఉన్నాడు. మానవజాతిని పుట్టించింది ఆయన వర్గమేనట. ఇన్నేళ్లూ రాత్రిపూట గుర్తొచ్చి వెన్ను జలదరింపజేసిన ఆ రహస్యానికి సమాధానంగా ఒక బోడిగుండు మనిషి వచ్చాడన్న వార్త విని ప్రేక్షకులు సంతోషించకపోవడం కృతఘ్నత కాక మరేమిటి? ఇంకో విశేషం ఉంది. ప్రొమీథియస్ నౌక దిగిన గ్రహం, మొదటి చిత్రంలో ఆ ఓడ ఉన్న గ్రహం ఒకటి కావు. కాబట్టి అడిగిన ప్రశ్నకు కాక, దాని పొరుగింటి ప్రశ్నకు జవాబు ఇచ్చి దస్త్రాన్ని మూసేశారు. కార్యాలయ పద్ధతులు తెలిసినవారు దీన్ని గౌరవించకుండా ఉండలేరు.

శాస్త్రవేత్తల నియామకాలలో కూడా ఈ చిత్రం కొత్త ప్రమాణాలు నెలకొల్పింది. గుహలన్నిటికీ పటం గీసే యంత్రాలను ఎగరేసిన భూగర్భ శాస్త్రవేత్తే దారి తప్పుతాడు. చచ్చిన గ్రహాంతర వాసిని చూసి వణికిన జీవశాస్త్రవేత్త, పడగ విప్పిన పాములాంటి ప్రాణిని మాత్రం ముద్దుగా పలకరించి చేయి చాస్తాడు. 2017 నాటి కవనెంట్‌లో నౌకాసిబ్బంది తెలియని గ్రహం మీద హెల్మెట్లు లేకుండా తిరుగుతారు. మొదటి చిత్రంలోని ఏడుగురు తెలివైనవారు, పని తెలిసినవారు, అయినా చచ్చారు కాబట్టి భయం వేసింది. ఇక్కడివారు చావడానికి దరఖాస్తు పెట్టుకుని మరీ వచ్చారు.

కవనెంట్ మిగిల్చిన చిక్కు పుట్టిన తేదీకి సంబంధించినది. ఆ జీవిని ఇప్పటి రూపానికి తెచ్చింది డేవిడ్ అనే యంత్రమానవుడని, అది 2104లో జరిగిందని ఈ చిత్రం చెబుతుంది. నోస్ట్రోమో సంఘటన జరిగింది 2122లో. అంటే పద్దెనిమిదేళ్ల తేడా. మరి నోస్ట్రోమో సిబ్బంది చూసిన మహాకాయుడు రొమ్ము పగిలి, శిలగా మారేంత కాలం కిందట ఎవరి వల్ల చచ్చాడు? 2004 నాటి చిత్రం ప్రకారమైతే అదే జీవి వేల ఏళ్ల కిందటే అంటార్కిటికా మంచు కింద పిరమిడ్‌లో విధులు నిర్వహిస్తోంది. మూడు జనన ధ్రువపత్రాలున్న ఉద్యోగి సర్వీసును ఏ ప్రాతిపదికన లెక్కించాలో ఈ కార్యాలయానికి అర్థం కావడం లేదు.

ఈ జబ్బు ఒక్క ఏలియన్‌దే అనుకోవడం పొరపాటు. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన ది థింగ్‌లో అమెరికన్ బృందం కాలిపోయిన నార్వే శిబిరంలోకి వెళ్తుంది. అక్కడ దిగబడిన గొడ్డలి, గడ్డకట్టిన శవం చూసి, ఏం జరిగి ఉంటుందోనని మనమే ఊహించుకుని వణుకుతాం. 2011లో అదే పేరుతో ఒక చిత్రం వచ్చి, గొడ్డలి అక్కడికి ఎలా వచ్చిందో సవివరంగా చూపించింది. దానికోసం చేతులతో తయారుచేసిన రాక్షస బొమ్మలను చాలావరకు కంప్యూటర్ బొమ్మలతో కప్పేసింది. గొడ్డలి సందేహం తీరిపోయింది, భయం కూడా.

తిరిగి మన దస్త్రానికి వస్తే, 2019లో ఫాక్స్ స్టూడియో డిస్నీ చేతికి వెళ్లడంతో ఈ జీవి మిక్కీ మౌస్‌తో ఒకే ఇంటి పేరు పంచుకుంటోంది. 2024లో ఫెడే అల్వారెజ్ తీసిన రోములస్ ఈ శ్రేణిలో చాలా కాలానికి వచ్చిన చక్కని పనితనమున్న చిత్రమని ఒప్పుకోవాలి. ఇరుకు నౌక, కొద్దిమంది కుర్రకారు, చేతికి తగిలే రాక్షసులు ఇందులో ఉన్నాయి. 2179 నాటి కథలో రిప్లీ రాణిని ఉద్దేశించి అరిచిన ప్రసిద్ధమైన తిట్టును 2142లోనే మరొకరి చేత అనిపించడం మాత్రం జీతం ముందస్తుగా డ్రా చేయడం లాంటిదే. మొదటి చిత్రంలో యంత్రమానవుడు యాష్‌గా నటించిన ఇయన్ హోల్మ్ 2020లో కన్నుమూశారు. 2024లో ఆయన ముఖాన్ని సాంకేతికంగా సృష్టించి, అదే నమూనాకు చెందిన మరో యంత్రమానవుడిగా మళ్లీ డ్యూటీలో కూర్చోబెట్టారు. చిత్రం సుమారు 35 కోట్ల డాలర్లు వసూలు చేసింది కనుక ఎవరూ సంజాయిషీ అడగలేదు.

అదే రోములస్ మొదట్లో ఒక సన్నివేశం ఉంది. గని కాలనీలో పనిచేసే రెయిన్ అనే అమ్మాయి తన పనిగంటలు పూర్తయ్యాయి, ఇక వెళ్లిపోతానని కంపెనీ కౌంటరు దగ్గర కాగితం పెడుతుంది. కోటా పెరిగింది, ఇంకా పనిచేయాలి అని జవాబు వస్తుంది. ఈ శ్రేణి మొత్తంలో ఇంతకంటే నిజాయితీ గల సన్నివేశం లేదు. కౌంటరు అవతలి గుమాస్తా మాటలను ఆ జీవితో స్టూడియో ఎన్నిసార్లు అని ఉంటుందో లెక్కపెట్టుకోవచ్చు. 1979 నాటి కంపెనీ ఆదేశాన్ని పాఠకులు ఇప్పుడు మళ్లీ చదువుకోవాలి: జీవిని భద్రంగా తీసుకురావాలి, మిగతావన్నీ ఆ తరువాతే. ఆ వాక్యం రాసినవారు దుర్మార్గమైన కంపెనీని చూపిద్దామనుకుంటే, నిర్మాణ సంస్థ దాన్ని వ్యాపార ప్రణాళికగా అమలు చేసింది. దర్శకులు మారారు, నటులు పోయారు, కథ అరిగిపోయింది, జీవి మాత్రం భద్రంగా ఉంది. బడేజో ఒక్క చిత్రంలోనే నటించాడు, మరో చిత్రం చేయలేదు; మొత్తం సిబ్బందిలో సకాలంలో విరమించింది అతనొక్కడే.

2025లో ఆ జీవి బుల్లితెర ధారావాహికలో భూమికి వచ్చేసింది కనుక, ఇకపై దాని హాజరు విషయంలో ఎవరికీ ఫిర్యాదు ఉండకూడదు. ఇన్ని సవరణలు జరిగినా ఒక ఆడిట్ పేరా మాత్రం మిగిలే ఉంది. నోస్ట్రోమో మీద జోన్సీ అనే పిల్లి ఉండేది. బ్రెట్‌ను ఆ జీవి ఎత్తుకుపోతుంటే అది కొద్ది దూరంలో కూర్చుని నిమ్మళంగా చూసింది. తరువాత రిప్లీతో పాటు 57 ఏళ్లు నిద్రపోయి, రెండో చిత్రం మొదట్లో స్టేషన్‌లో మిగిలిపోయింది. ఆ పిల్లి ఎక్కడ పుట్టింది, ఓడలోకి ఎవరి సిఫారసుతో చేరింది, ఆ చావును అంత తాపీగా ఎందుకు చూసింది అన్న విషయాలు నేటికీ ఏ చిత్రంలోనూ తేలలేదు. కనుక యాజమాన్యం తక్షణమే పిల్లి బాల్యం మీద మూడు చిత్రాలకూ ఒక వెబ్ సిరీస్‌కూ నిధులు మంజూరు చేయాలని, అందులో పిల్లికి కూడా ఒక బోడిగుండు సృష్టికర్తను కేటాయించాలని ఈ కార్యాలయం సిఫారసు చేస్తోంది.