బంపరు క్షేమం, మెడ సంగతి తర్వాత

విశాఖలో కారు కొన్నవాడు ఇంటికంటే ముందు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడికి వెళతాడు. మా బావగారూ అలాగే వెళ్ళారు. బానెట్టుకు పసుపు కుంకుమలు, బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఆ విధంగా కారు ముందు భాగానికి ఒకవైపు దైవబలం, మరోవైపు ఎయిర్‌బ్యాగుల బలం సమకూరాయి. వెనుక భాగానికి మాత్రం మా మేనల్లుడు అంటించిన స్టిక్కరే దిక్కు.

తర్వాత సీట్ల మీద దృష్టి పెట్టారు. బావగారు సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన మనిషి. కుర్చీ వీపున తెల్లటి టర్కీ తువ్వాలు లేకపోతే ఆయనకు కూర్చున్నట్టే ఉండదు. కారు సీటుకూ ఒకటి వేశారు. అది సరిగ్గా కుదరడానికి సీటు పైన రెండు ఇనుప కడ్డీల మీద నిలబడి ఉన్న దిండును అట్టడుగుకు దించేశారు. వెనుక సీటు దిండ్లయితే ఏకంగా అటకెక్కాయి. అవి ఉంటే అద్దంలో వెనుక వచ్చే లారీ స్పష్టంగా కనపడటం లేదట. తనను గుద్దబోయేదెవరో ముందే చూసుకోవాలన్న పట్టుదలతో, గుద్దినప్పుడు అక్కయ్య మెడను కాపాడేదాన్ని పీకి పారేసిన ఆయన దూరదృష్టిని మెచ్చుకోక తప్పదు.

తప్పంతా ఆయనది కాదు, పేరుది. దాన్ని మనం హెడ్‌రెస్ట్ అంటాం. రెస్ట్ అన్నాక విశ్రాంతే కదా, అక్కర్లేనివాడు తీసేస్తాడు. ఇంజనీర్లు దాన్ని హెడ్ రెస్ట్రెయింట్ అంటారు, అంటే తలను ఆపేది. అమెరికాలో 1969 జనవరి నుంచి కొత్త కార్ల ముందు సీట్లకు దాన్ని తప్పనిసరి చేసింది కునుకు తీయడానికి కాదు. మన దగ్గర దాని ఖ్యాతి వేరు. ఆ కడ్డీలతో కారు అద్దం పగలగొట్టుకుని బయటపడవచ్చని వాట్సాప్ చదివిన ప్రతివాడికీ తెలుసు. మెడ గురించి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

వెనుక నుంచి బండి తగిలితే సీటు వచ్చి మన వీపును ముందుకు నెడుతుంది. నాలుగైదు కిలోల తలకాయకు ఆ సంగతి, కింది సెక్షన్లన్నీ కదిలిపోయాక హెడ్డాఫీసుకు కబురందినట్టు, ఆలస్యంగా తెలుస్తుంది. మొండెం వెళ్ళిపోతుంది, తల పాత చిరునామాలోనే ఉంటుంది, మధ్యలో మెడ ఎస్ అక్షరంలా మెలిక పడుతుంది. ఇదంతా సెకనులో పదోవంతు అటూ ఇటూ. ఇలాంటి దెబ్బకు ముందు ఎయిర్‌బ్యాగులు సాధారణంగా తెరుచుకోవు. అప్పుడు మనకున్న ఆధారం సీటు వీపు, దాని పైనున్న దిండు. దిండు పై అంచు నడినెత్తి ఎత్తుకు రావాలి, తలకూ దానికీ మధ్య ఎడం ఎంత తక్కువైతే అంత మంచిది. మెడ దగ్గరికి దించేస్తే తల దాని మీదుగా వెనక్కి మడత పడుతుంది.

ఇక హనుమంతవాక. సిగ్నల్ దగ్గర మేం ఆగి ఉండగా వెనుక నుంచి ఒక ఆటో వచ్చి తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు. బావగారి తల ఒక్కసారి వెనక్కి వెళ్ళి ముందుకు వచ్చింది. ఆయన కిందికి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, బంపరును అంగుళం అంగుళం వేలితో నొక్కి చూశారు, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు. ఒకచోట గోటితో గీకి, అది గీత కాదు మట్టి అని తేల్చుకున్నారు.

"మెడ ఎలా ఉంది బావగారూ?" అన్నాను.

"బంపరు బాగానే ఉందయ్యా" అన్నారు, మెడ నిమురుకుంటూ.

ప్రభుత్వం మాత్రం ఏం తక్కువ తిన్నది? 2023 అక్టోబరులో, కార్ల భద్రతను పరీక్షించి నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ మొదలైనప్పుడు నక్షత్రాల కోసం పెట్టిన గుద్దుడు పరీక్షలు మూడు: ముందు నుంచి గంటకు 64 కిలోమీటర్లతో, పక్క నుంచి 50తో, స్తంభానికి 29తో. వెనుక నుంచి గుద్దడం మన సంస్కృతి కాదని భావించి ఉంటారు. గాజువాక నుంచి మధురవాడ దాకా జాతీయ రహదారి మీద ముందు బండి పొగగొట్టాన్ని ముద్దాడుతూ నడిపేవాళ్ళంతా విదేశీయులే కాబోలు.

స్వీడన్‌వాళ్ళకు వేరే పని లేదు. 1997లో సాబ్ కంపెనీ, దెబ్బ తగలగానే తల దగ్గరికి జరిగే దిండును తెచ్చింది. మరుసటి ఏడాది వోల్వో, మనిషి వీపుతోపాటు వెనక్కి ఒరిగి దెబ్బను తానే మింగే సీటును తెచ్చింది. మనవాళ్ళు కూడా పరిశోధన చేయకపోలేదు. బెల్టు పెట్టుకోకుండానే అలారం నోరు మూయించే క్లిప్పును కనిపెట్టారు. దాన్ని అమ్మవద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ దుకాణాలను ఆదేశించాల్సి వచ్చింది. అంతటి మేధ దిండు మీటను నొక్కి రెండు గీతలు పైకి లాగడానికి మాత్రం ఎందుకో పనిచేయదు.

ఇలాంటి నొప్పి అప్పటికప్పుడు కాక మర్నాడు బయటపడటం కొత్త కాదు. బావగారికీ అంతే. పొద్దున్నే లేచి, పక్కకు చూడాలంటే మనిషి మొత్తంగా తిరగాల్సి వస్తోందని ఫోన్ చేశారు. వెళ్ళేసరికి అక్కయ్య పెనం మీద గళ్ళుప్పు వేయించి మూట కడుతోంది. కాపడానికి ఇంట్లో మెత్తటి గుడ్డేదీ దొరకక కారు సీటు మీది తెల్ల తువ్వాలు తెప్పించిందట. ఆ వేడి మూటను మెడకు ఆనించుకుని, తల తిప్పలేక గోడ వైపే చూస్తూ, బావగారు నాతో అన్నారు:

"నువ్వు వద్దన్నావు గానీ, తువ్వాలు ఎంత పనికొచ్చిందో చూశావా?"