విదేశీ పైలట్ లైసెన్సు: మళ్లీ పరీక్షించాల్సింది దేన్ని?

ఏ పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయంలోనైనా రోజూ పదుల కొద్దీ విదేశీ విమానాలు దిగుతాయి. వాటిని నడిపే పైలట్ల దగ్గర ఉండేది విమానం వచ్చిన దేశం ఇచ్చిన లైసెన్సే. దిగిన దేశపు విమానయాన శాఖ వాళ్లకు పరీక్ష పెట్టదు, కొత్త లైసెన్సు అడగదు. అదే పైలట్ ఉద్యోగం మారి, ఆ దేశంలో రిజిస్టరైన విమానం నడపడానికి వస్తే మాత్రం లెక్క మొత్తం మారిపోతుంది. నిన్నటిదాకా అదే రన్‌వే మీద అదే మోడల్ విమానాన్ని వందలమంది ప్రయాణికులతో దించినా సరే, లైసెన్సును వాలిడేట్ చేయించుకోవాలి, అంటే అది చెల్లుతుందని అక్కడి శాఖ దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. లేదంటే కన్వర్షన్ కోసం, అంటే ఆ దేశపు సొంత లైసెన్సు కోసం, మళ్లీ పుస్తకాలు పట్టుకుని కూర్చోవాలి.

ఈ తేడాకు మూలం 1944 డిసెంబరులో కుదిరిన షికాగో ఒప్పందంలో ఉంది. అంతర్జాతీయంగా తిరిగే విమానం పైలట్‌కు లైసెన్సు ఇవ్వాల్సింది, లేదా వేరే దేశం ఇచ్చినది చెల్లుతుందని ఒప్పుకోవాల్సింది ఆ విమానం రిజిస్టరైన దేశమేనని అందులోని 32వ అధికరణ చెబుతుంది. కనీస ప్రమాణాలు పాటించి అలా ఇచ్చిన లైసెన్సును మిగతా దేశాలు గుర్తించాలని 33వ అధికరణ అంటుంది. ఈ రెండోదాన్ని మాత్రమే చదివినవాళ్లు తమ లైసెన్సు ప్రపంచమంతా చెల్లుతుందని అనుకుంటారు. చెల్లుతుంది, కానీ లైసెన్సు ఇచ్చిన దేశపు విమానంలో వెళ్లినప్పుడే. విమానం మీద రాసి ఉండే రిజిస్ట్రేషన్ అక్షరాలు ఏ దేశానివైతే, లైసెన్సు విషయంలో చివరి మాట ఆ దేశానిదే. పైలట్ ఎక్కడివాడు, కంపెనీ ఎక్కడిది, విమానం ఏ ఆకాశంలో ఉంది అన్నవి తర్వాతి సంగతులు.

కనీస ప్రమాణాలంటే ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఆ ఒప్పందపు అనుబంధం అనెక్స్ 1లో రాసినవి. ప్రైవేటు పైలట్‌కు 40 గంటలు ఎగిరిన అనుభవం, కమర్షియల్ పైలట్‌కు 200 గంటలు, ఆమోదం పొందిన కోర్సులో చదివితే 150, ఎయిర్‌లైన్ కెప్టెన్‌కు కావాల్సిన ఏటీపీఎల్‌కు 1500 గంటలు. వాలిడేషన్ ఎలా ఉండాలో కూడా అందులోనే ఉంది. పాత లైసెన్సును అలాగే ఉంచి, దానితోపాటు దగ్గర పెట్టుకోవడానికి ఇచ్చే అనుమతి పత్రం అది. అసలు లైసెన్సు గడువును మించి అది నడవదు. అక్కడ సస్పెండయితే ఇక్కడా పోయినట్టే. ప్రయాణికుల విమానాలు నడపడానికైతే, అనుమతి ఇచ్చే ముందు ఆ లైసెన్సు నిజంగా అమల్లో ఉందో లేదో ఇచ్చిన దేశాన్నే అడిగి తేల్చుకోవాలి. కన్వర్షన్ అలా కాదు. కొత్త దేశం తన సొంత లైసెన్సు ఇస్తుంది, ఇక పైలట్ పూర్తిగా దాని పర్యవేక్షణలోకి వస్తాడు.

రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో వాలిడేషన్ ఏడాదికి మించదు. ఆ లోపు పూర్తి లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకున్నా, శిక్షణలో ఉన్నా ఒక్కసారి పొడిగిస్తారు, అంతే. పూర్తి ఏటీపీఎల్ కావాలంటే 13 సబ్జెక్టుల థియరీ ఉంది, ఒక్కోదానిలో 75 శాతం రావాలి. ఆ పైన నడిపి చూపించాల్సిన స్కిల్ టెస్టు, క్లాస్ 1 మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష. అమెరికాలో విదేశీ లైసెన్సును చూపించి తేలిగ్గా తెచ్చుకోగలిగింది ప్రైవేటు పైలట్ సర్టిఫికెట్ మాత్రమే. జీతానికి ఎగరాలంటే అక్కడి పరీక్షలు రాయాల్సిందే. ఆ ప్రైవేటు సర్టిఫికెట్‌లోనూ ఒక చిక్కు ఉంది. దాని మీద మూల లైసెన్సు నంబరు ముద్రించి ఉంటుంది. సొంత దేశం ఏ కారణంతోనైనా నంబరు మారిస్తే, అమెరికా సర్టిఫికెట్ అప్పటి నుంచి పనికిరాదు. ఈ సంగతి చాలామందికి విమానం అద్దెకు తీసుకునే కౌంటర్ దగ్గరే తెలుస్తుంది.

విదేశీ లైసెన్సును కళ్లు మూసుకుని ఒప్పుకోవాలని నేను అనడం లేదు. తన రిజిస్టరులో ఉన్న విమానానికి, దాన్ని నడిపే మనిషికి ఒక దేశం బాధ్యత వహిస్తున్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు దానికి ఉంటుంది. నా అభ్యంతరమల్లా అడిగే ప్రశ్నల మీదే. రెక్క మీద గాలి పనిచేసే తీరు సరిహద్దు దాటితే మారదు. బరువు, సమతూకం లెక్కలు మారవు. జెట్ ఇంజిన్ మారదు. వేల గంటల అనుభవం ఉన్న కెప్టెన్‌ను కూర్చోబెట్టి ఇవే మళ్లీ రాయమంటే, ఆయన పదిహేనేళ్ల కిందట రాసిన జవాబులే ఇంకోసారి రాస్తాడు. సరిహద్దు దాటగానే నిజంగా మారిపోయేవి వేరే ఉన్నాయి. ప్రాణాలు తీసేవీ అవే.

ఎత్తు చూపించే ఆల్టీమీటర్‌నే చూడండి. అమెరికాలో గాలి పీడనాన్ని పాదరసం అంగుళాల్లో చెబుతారు, ప్రపంచంలో చాలాచోట్ల హెక్టోపాస్కల్స్‌లో. ప్రామాణిక పీడనం అంగుళాల్లో 29.92, హెక్టోపాస్కల్స్‌లో 1013. అమెరికాలోనే శిక్షణ పొందిన పైలట్ వేరే దేశంలో కిందికి దిగుతున్నాడు. వాతావరణం బాగోలేదు. కంట్రోలర్ 'నైన్ నైన్ టూ' అన్నాడు. అంటే 992 హెక్టోపాస్కల్స్. ఏళ్ల తరబడి 'టూ నైన్ నైన్ టూ' వినడానికి అలవాటుపడ్డ చెవి దాన్ని 29.92గా పట్టుకుంటుంది, చెయ్యి అదే సెట్ చేస్తుంది. తేడా 21 హెక్టోపాస్కల్స్. ఒక్కో హెక్టోపాస్కల్‌కు సుమారు 28 అడుగులు వేసుకుంటే, విమానం ఆల్టీమీటర్ చూపిస్తున్న దానికంటే దాదాపు 600 అడుగులు కింద ఉంటుంది. మేఘాల్లో, కొండల పక్కన, రన్‌వేకు ఇంకా దూరంగా ఉన్నప్పుడు 600 అడుగులు చిన్న విషయం కాదు. ఏ ఎత్తులో స్థానిక పీడనం నుంచి ప్రామాణిక పీడనానికి మారాలన్నదీ ఇంతే. అమెరికాలో అది ఎక్కడైనా 18,000 అడుగుల దగ్గరే. యూరప్‌లో అంతకంటే చాలా కింద, అదీ చోటును బట్టి మారుతుంది.

నేల మీద కూడా ఇలాంటివి ఉండేవి. రన్‌వే మీదికి వెళ్లి ఆగమని చెప్పడానికి అమెరికా కంట్రోలర్లు చాలాకాలం 'పొజిషన్ అండ్ హోల్డ్' అనేవారు. మిగతా ప్రపంచంలో 'హోల్డింగ్ పొజిషన్' అంటే రన్‌వేలోకి వెళ్లకుండా బయట ఆగాల్సిన గీత. అవే మాటలు, అర్థం పూర్తిగా తలకిందులు. 2010 సెప్టెంబరు 30న అమెరికా తన మాట మార్చుకుని, అందరూ వాడే 'లైన్ అప్ అండ్ వెయిట్'కు వచ్చింది. లైసెన్సు మార్పిడి పరీక్షలో అడగాల్సినవి ఇలాంటివి. అడిగే చోట కూడా ఎయిర్ లా పేపర్లో రెండు మూడు ప్రశ్నలుగా ముగిసిపోతాయి. సిమ్యులేటర్లో కూర్చోబెట్టి, కొత్త దేశపు యాసలో క్లియరెన్సులు ఇస్తూ చూస్తేనే ఇవి బయటపడతాయి.

అసలు రిజిస్ట్రేషన్ అక్షరాలను బట్టి ఎవరిని పరీక్షించాలో తేల్చడమే ఎంత లోపమో 1996 నవంబరు 12న తెలిసింది. ఢిల్లీకి పశ్చిమాన చర్ఖీ దాద్రీ మీద కజకిస్తాన్ ఇల్యూషిన్-76, సౌదీ బోయింగ్ 747 గాలిలోనే ఢీకొని 349 మంది చనిపోయారు. 15,000 అడుగుల దగ్గర ఆగాల్సిన ఇల్యూషిన్ అంతకంటే కిందికి దిగిపోయింది. దాని కాక్‌పిట్‌లో కంట్రోలర్‌తో ఇంగ్లీషులో మాట్లాడింది రేడియో ఆపరేటర్, విమానాన్ని నడిపింది పైలట్లు. వాళ్ల దగ్గర సొంత దేశపు లైసెన్సులున్నాయి, విమానం సొంత దేశానిది. కాబట్టి 33వ అధికరణ ప్రకారం ఎవరూ అడగాల్సిన పని లేదు, అడగలేదు కూడా. ఆ తర్వాత 1998లో ఐకావో మహాసభ భాషా సామర్థ్యం మీద తీర్మానం చేసింది. అంతర్జాతీయంగా ఎగిరే పైలట్‌కు కనీసం లెవెల్ 4 ఉండాలన్న నిబంధన 2008 మార్చి 5 నుంచి వర్తించింది. ఏ దేశపు లైసెన్సు అయినా, ఏ దేశపు విమానమైనా సరే. సరిహద్దు దగ్గర మారేదాన్ని పట్టుకుని అందరికీ ఒకే కొలత పెట్టిన అరుదైన సందర్భం ఇది. ఈ పద్ధతినే మిగతా తేడాలకూ వర్తింపజేయాలన్నది నా వాదన.

దీనికి ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది. లైసెన్సే అబద్ధమైతే? 2020 మే 22న కరాచీలో పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ విమానం కూలింది. నెల తిరిగేసరికి ఆ దేశపు విమానయాన మంత్రి గులాం సర్వర్ ఖాన్ పార్లమెంటులో ఒక మాట చెప్పారు. దేశంలోని 860 మంది పైలట్లలో 262 మంది తమ పరీక్షలు తాము రాయలేదని, వేరేవాళ్లతో రాయించారని. ప్రపంచం ఉలిక్కిపడింది. వియత్నాం తన ఎయిర్‌లైన్స్‌లో పనిచేస్తున్న పాకిస్తానీ పైలట్లను ఎగరకుండా ఆపేసింది. జులై 1 నుంచి యూరోపియన్ భద్రతా సంస్థ ఈయాసా ఆ ఎయిర్‌లైన్‌ను తన గగనతలంలోకి రానివ్వలేదు. ఆ ఆంక్ష 2024 నవంబరు దాకా సాగింది. అదే జులైలో పాకిస్తాన్ పౌర విమానయాన అధికారులు, తాము ఇచ్చిన లైసెన్సులు అసలైనవేనని ఒమన్‌కు లేఖ రాశారు. మంత్రిదో మాట, శాఖదో మాట. మధ్యలో కష్టపడి చదివి లైసెన్సు తెచ్చుకున్న పైలట్లు పరాయి దేశాల్లో జీతాలు పోయి కూర్చున్నారు.

కాబట్టి మొత్తం 13 సబ్జెక్టులూ మళ్లీ రాయించడమే క్షేమం అనేవాళ్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు. పరీక్ష రాయకుండా లైసెన్సు తెచ్చుకున్నవాడు అక్కడ దొరికిపోతాడు, నిజమే. కానీ ఒకసారి వేరేవాళ్లతో రాయించిన మనిషిని ఇంకో రాత పరీక్షతో పట్టుకోవడం కంటే, మంచి ఎగ్జామినర్ సమక్షంలో ఇంజిన్ ఫెయిల్యూర్‌తో సిమ్యులేటర్‌లో పట్టుకోవడం తేలిక. ఇక లైసెన్సు ఇచ్చే వ్యవస్థే కుళ్లిందేమో తెలుసుకోవడానికి పైలట్‌ను పరీక్షించి లాభం లేదు. ఆ వ్యవస్థను పరీక్షించాలి. అందుకోసమే ఐకావో 1999 నుంచి సభ్య దేశాలను ఆడిట్ చేస్తోంది, అందులో సిబ్బంది లైసెన్సింగ్ ఒక ప్రత్యేక విభాగం. లైసెన్సింగ్‌లో బలంగా ఉన్న దేశం నుంచి వచ్చిన పైలట్‌కూ, లోపాలు బయటపడిన దేశం నుంచి వచ్చిన పైలట్‌కూ ఒకే 13 పేపర్లు పెడుతున్నామంటే ఆ ఆడిట్ ఫలితాలను మనం వాడుకోవడం లేదన్నమాట.

రోజువారీగా పైలట్లను ఎక్కువ ఏడిపించేది పరీక్ష కూడా కాదు, వెరిఫికేషన్ లెటర్. కొత్త దేశం పాత దేశానికి రాయాలి, పాత దేశం జవాబివ్వాలి. పరీక్షలు, మెడికల్, స్కిల్ టెస్టు అన్నీ అయిపోయినా ఈ ఒక్క కాగితం రాక ఫైలు కదలదు. ఈలోగా మెడికల్ గడువు దగ్గరపడుతుంది. ప్రయాణికులతో ఎగరాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలన్న షరతు కూడా దాటిపోతుంది. చేతిలో ఉన్న పని కాస్తా తుప్పు పడుతుంది. భద్రత కోసం పెట్టిన ప్రక్రియ ఒక మంచి పైలట్‌ను నెలల తరబడి కాక్‌పిట్‌కు దూరంగా ఉంచడం భద్రతకే నష్టం. ఎలక్ట్రానిక్ లైసెన్సులకు అనెక్స్ 1లో ఇప్పుడు చోటుంది. ఫోన్‌లో చూపించిన లైసెన్సు అసలైనదో కాదో అక్కడికక్కడే సరిచూసుకునే వీలుండాలన్నది దాని ఉద్దేశం. దీన్ని ఎంత త్వరగా అమలు చేస్తే ఈ టెన్షన్ అంత త్వరగా తగ్గుతుంది.

నమ్మకం అన్నది పైలట్ జ్ఞానంతో సంబంధం లేకుండా ఎలా వచ్చిపోతుందో బ్రెగ్జిట్ చూపించింది. 2020 డిసెంబరు 31 రాత్రి దాకా బ్రిటన్ లైసెన్సుతో యూరప్‌లో ఏ దేశపు విమానమైనా నడపొచ్చు. మర్నాటికి అది పరాయి దేశపు లైసెన్సు. ముందే జాగ్రత్తపడి లైసెన్సును ఐర్లండ్, ఆస్ట్రియా లాంటి దేశాలకు మార్చుకున్నవాళ్లు బయటపడ్డారు. బ్రిటన్ మాత్రం యూరప్ లైసెన్సులను తన విమానాల మీద 2022 చివరిదాకా ఆమోదించింది. రాత్రికి రాత్రి ఎవరి నైపుణ్యమూ తగ్గలేదు, మారింది ఒప్పందం. అలాగే విమానాన్ని సిబ్బందితో సహా అద్దెకు తెచ్చుకునే వెట్ లీజులో, విదేశీ రిజిస్ట్రేషన్‌తోనే అది తిరుగుతుంది కాబట్టి, పైలట్లకు కన్వర్షన్ ఊసే ఉండదు. అదే రూట్, అదే టికెట్, అదే ప్రయాణికులు. సీజన్‌లో పైలట్లు చాలకపోతే ఎయిర్‌లైన్స్ ఈ దారినే పోతాయి, ప్రభుత్వాలు ఒప్పుకుంటాయి. అంటే విదేశీ పైలట్ ప్రమాదకరమని అసలు ఎవరూ నమ్మడం లేదు. సొంత పైలట్ల ఉద్యోగాలకు కంచె వేయడం ఒక దేశం కోరుకుంటే అది న్యాయమైన కోరికే కావచ్చు, కానీ దాన్ని వర్క్ పర్మిట్ నిబంధనల్లో బాహాటంగా చెప్పాలి. థియరీ పేపర్ల వెనక దాచకూడదు.

దారి లేదని కూడా అనలేం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒకరి పైలట్ లైసెన్సులను ఒకరు పరస్పర గుర్తింపు చట్టం కింద ఏళ్లుగా ఆమోదిస్తున్నాయి. అమెరికా, యూరోపియన్ యూనియన్ కూర్చుని తమ రెండు శిక్షణల మధ్య తేడాలేమిటో గీత గీత పోల్చి చూసి, ఆ తేడాల మేరకే పరీక్ష, శిక్షణ పెట్టేలా కుదుర్చుకున్న ఏర్పాటు 2021 మేలో అమల్లోకి వచ్చింది. కానీ అది ప్రైవేటు పైలట్లకూ, బయట ఏమీ కనబడకపోయినా పరికరాలను చూసి నడపడానికి వాళ్లకిచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగుకూ మాత్రమే. కమర్షియల్, ఏటీపీఎల్ అందులో లేవు. తేడాలను పోల్చే పద్ధతి తయారుగా ఉంది, పోల్చాల్సిన సిలబస్‌లు రెండు వైపులా అచ్చులో ఉన్నాయి. ఆ జాబితాను జీతానికి ఎగిరేవాళ్ల దాకా పొడిగించే చర్చ ఇప్పుడే మొదలవ్వాలి. దానికి ముందుగా కూర్చోవాల్సింది కూడా ఈ రెండు వ్యవస్థలే, ఎందుకంటే మిగతా దేశాల్లో చాలావరకు తమ నిబంధనలను వీటిని చూసే రాసుకున్నాయి.