అది బెండు కాదు, వాడిపోయింది!

పొద్దున లిఫ్ట్‌లో మూడో అంతస్తు వదినగారు కనిపించి నా చేతిలో ఒక కవరు పెట్టారు. "మీ ముల్లంగి బెండు పట్టిందండీ, మా ఆయన ముట్టుకోలేదు. పడేయడం ఎందుకని తెచ్చాను, మీ మొక్కలకు ఎరువుకైనా పనికొస్తుంది కదా" అన్నారు. లిఫ్ట్ కిందికి వచ్చేదాకా నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి కవరు విప్పాక వచ్చింది కోపం. ఆరు గడ్డలు ఇస్తే నాలుగు వెనక్కి వచ్చాయి. తొమ్మిది రోజులు ఫ్రిజ్‌లో ఉన్నాయట, పసుపురంగు తిరిగి బంకబంకగా కుళ్ళిన ఆకులతో సహా!

ఇచ్చిన రోజే చెప్పాను. వాళ్ళ గుమ్మంలో నిలబడి మరీ చెప్పాను. "వదినా, ఆకు ఇప్పుడే కోసి వేరుగా పెట్టండి, రేపటికల్లా పప్పులో వేసుకోండి. గడ్డ కడగకండి, మట్టి తుడిచి తడి గుడ్డలో చుట్టి కింది ట్రేలో పెట్టండి, రెండు వారాలు ఉంటుంది" అని. సరే సరే అని తలూపారు. ఒక్క ముక్క వినలేదని ఇప్పుడు తెలిసింది. మట్టిలోంచి పీకినంత మాత్రాన ఆకు చచ్చిపోదండీ. దానికింకా నీళ్ళు కావాలి. కుండీ లేదు, మట్టి లేదు, మరి ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది? గడ్డలోంచే లాగుతుంది. రెండు రోజులు అలా వదిలేస్తే చాలు, రాయిలాంటి ముల్లంగి రబ్బరులా వంగుతుంది. అది వాడిపోవడం. బెండు కాదు!

బెండు పట్టడమంటే ఏమిటో నాకు తెలీదా? గడ్డ ముదిరేదాకా మట్టిలోనే వదిలేస్తే లోపల స్పాంజిలా గుల్ల అవుతుంది, చేత్తో పట్టుకుంటేనే తేలిగ్గా ఉంటుంది, కోస్తే తెల్లగా పొడిపొడిగా కనిపిస్తుంది. అది కోయడంలో ఆలస్యం చేసినవాళ్ళ తప్పు. అంటే పండించినదాని తప్పు, నా తప్పు. వదినగారు ఆ ఒక్క మాటతో నింద తెచ్చి నా మీద పెట్టారు. నలభై మూడో రోజున పీకానండీ అవి. గోరు గుచ్చి చూసి, చెమ్మ వస్తోందని నిర్ధారించుకుని పీకాను. బెండు అంటే అంత బాధ గనకే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు బెండు పట్టని రకమని అర్క నిశాంత్‌ను తయారుచేశారు. నావి నాటు గడ్డలు, కాబట్టి రోజులు లెక్కపెట్టుకుని కూర్చుంటాను. క్యాలెండర్‌లో పాలవాడి లెక్క పక్కనే ముల్లంగి లెక్క రాసుకుంటాను.

నాగోల్‌లో అయిదంతస్తుల మేడ మీద ముల్లంగి పండించడమంటే గింజలు చల్లి చేతులు దులుపుకోవడం అనుకుంటున్నారా? అడుగు లోతు సంచి కావాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. ఎరువు పచ్చిదైతే గడ్డ రెండుగా మూడుగా చీలి మనిషి కాళ్ళలా తయారవుతుంది, రాయి తగిలినా అంతే. అందుకే ఎర్రమట్టి మూటలు తెచ్చుకుని జల్లెడ పట్టాను, రెండు రోజులు నడుం పట్టేసింది. ముల్లంగికి నారు పోసి నాటడం కుదరదు, పెరగాల్సిన చోటే గింజ పడాలి. దసరా వెళ్ళిన వారానికి అర అంగుళం లోతున పెట్టాను. నాలుగో రోజుకు మొలకలు. పది రోజులకు జానెడు జాగాలో రెండే మొక్కలు ఉంచి మిగతావి పీకేయాలి. ఆ పని చేస్తుంటే ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది, కానీ చేయకపోతే అన్నీ ఆకులే వచ్చి గడ్డ తోకలా మిగిలిపోతుంది. నీళ్ళు ఒకరోజు మానేసి మర్నాడు రెండింతలు పోస్తే గడ్డ పగులుతుంది. మట్టి ఎండితే ఘాటెక్కుతుంది. ట్యాంకర్ రాని రోజు మేం బకెట్‌తో స్నానం సరిపెట్టుకుని ముల్లంగికి మాత్రం మగ్గు లెక్కన పోశాం. పేనుబంక వస్తే పొద్దున్నే వేపనూనె కలిపిన నీళ్ళు ఆకు అడుగున ఒక్కో దానికీ కొట్టాను.

ఇదంతా చేసిన మనిషి ఒక్క మాట చెబితే వినడానికి ఏం పోయింది?

ఇంకొకటి. ఇదే వదినగారితో కలిసి సరూర్‌నగర్ రైతు బజార్‌కు ఎన్నిసార్లు వెళ్ళానో. అక్కడ ముల్లంగి తూకం వేయకముందే "ఆకు తీసెయ్, బరువు పడుతుంది" అని పట్టుబట్టి తుంపించేది ఈవిడే! ఒక్క ఈవిడనే అనను, ఊరంతా అంతే. 1999లో రైతు బజార్లు వచ్చిన కొత్తలో మా అత్తమ్మతో వెళ్ళేదాన్ని. అప్పుడూ ముల్లంగి అమ్మే రైతు కాళ్ళ దగ్గర ఆకు కుప్పే, ఇప్పుడూ కుప్పే. మా అత్తమ్మ ఆ కుప్పలోంచి అడిగి లేత ఆకు తెచ్చుకునేది. గడ్డకంటే ఆకులోనే కాల్షియం, ఇనుము ఎక్కువ. సన్నగా తరిగి, కందిపప్పులో వేసి, ఎల్లిగడ్డ, ఎండుమిర్చి తాలింపు పెట్టి జొన్నరొట్టెతో తినండి, తర్వాత మాట్లాడదాం. కొనేటప్పుడు పైసలకోసం ఆకు తుంపడం తెలుసు, ఊరికే ఇచ్చినప్పుడు గడ్డను కాపాడుకోవడానికి తుంపడం తెలీదా?

వాసన అంటారు మళ్ళీ. మా ఆఫీసులో ఇరవై ఏళ్ళు విన్నానీ మాట. డబ్బా మూత తీయగానే కుర్చీ పక్కకు జరుపుకున్నవాళ్ళున్నారు. ఆవాలు, ముల్లంగి ఒకే కుటుంబం మొక్కలు. కోసినప్పుడో నూరినప్పుడో పుట్టే ఆ ఘాటు రెంటిలోనూ ఒక జాతిదే. ఆవకాయలో ఆవపిండి ఘాటు ముక్కుకెక్కితే ఆహా అనేవాళ్ళే ముల్లంగి పులుసు చూసి మొహం తిప్పుకుంటారు. నాకు ఈ వివక్ష ఎప్పటికీ అర్థం కాదు.

సరే, వాసన సంగతి వదిలేస్తాను. నాకసలు మండుతున్నది వేరే.

ఆ ముల్లంగి మా అమ్మది. భువనగిరి దగ్గర మా ఊళ్ళో మా పెరట్లో పండిన గింజ. అమ్మ మాఘమాసంలో ముల్లంగి వండేది కాదు, పెద్దవాళ్ళ ఆచారం. ఆ నెల మిగిలిన మొక్కల్ని పూతకు వదిలేసేది. తెల్లటి పూలకు వంగపండు రంగు గీతలు, వాటినిండా తేనెటీగలు. లేత కాయలు కొన్ని కోసి వేపుడు చేసేది, మిగతావి ఉగాది నాటికి ఎండేవి. ఆవ మొక్కకు కాసే కాయల్లా తమంతట తాము పగలవు ముల్లంగి కాయలు, రోకలితో దంచి చెరగాలి. అలా చెరిగి డబ్బాలో పోసి ఇచ్చిన గింజలవి. యూరప్ రకాలు విత్తనం కట్టాలంటే గట్టి చలి కావాలి, కొండ ప్రాంతాలు కావాలి. మన నాటు ముల్లంగి హైదరాబాద్ మేడ మీద కూడా కడుతుంది. అమ్మ పోయాక ఆ డబ్బా ఒక్కటే నాకు మిగిలింది.

పోయిన మాఘంలో అయిదు మొక్కలు విత్తనానికి వదిలాను. నడుం ఎత్తు పెరిగాయి, నిండా కాయలు. నేను పెళ్ళికని మూడు రోజులు ఊరెళ్ళాను. మా అసోసియేషన్ పెద్దలు మేడ మీద నీళ్ళు కారుతున్నాయని, దానికి నా సంచులే కారణమని తేల్చేసి, "ఎండిపోయిన పిచ్చి మొక్కలు" తీయించేశారు. ఒక్క ఫోన్ చేయలేదు. వాచ్‌మన్‌ను అడిగితే పాపం తల దించుకుని "గాళ్ళు చెప్పిన్రమ్మా, చెత్త ఆటోల ఏసిన" అన్నాడు. అతనిదేం తప్పు? వానాకాలం వచ్చాక తెలిసింది, కారుతున్నది ట్యాంకు పైపు జాయింటు దగ్గర అని. మరమ్మతు చేయించారు, దానికి చందా నా దగ్గరా తీసుకున్నారు. నా మొక్కల గురించి మాత్రం ఈ రోజుకీ ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. ఆ మీటింగులో సరే అని చేయి ఎత్తినవాళ్ళలో మూడో అంతస్తువాళ్ళూ ఉన్నారు. అయినా మనసులో పెట్టుకోకుండా మొదటి కోతలోంచి ఆరు గడ్డలు ఏరి ఇచ్చాను.

డబ్బాలో అడుగున మిగిలిన పాత గింజలతో పండించినవి అవి. ముల్లంగి గింజకు నాలుగేళ్ళ దాకా మొలిచే శక్తి ఉంటుంది కాబట్టి బతికిపోయాను. వాటిని పట్టుకుని ఎరువుకు పనికొస్తుంది అంటారా?

ఆ నాలుగు గడ్డల్నీ ఎనిమిదింటికి ఆకు కోసేసి చల్లటి నీళ్ళ బేసిన్‌లో వేశాను. బెండు పట్టినదైతే ఎన్ని నీళ్ళు పోసినా తిరిగి రాదు. ఇప్పుడు పదకొండున్నర. గట్టిపడ్డాయి. ఒకటి కోశాను, కత్తి దిగుతుంటే ఫట్‌మని చప్పుడొచ్చింది, లోపల తెల్లగా నిగనిగలాడుతోంది. ఉప్పు, నిమ్మకాయ వేసి ముక్కలు గిన్నెలో పెట్టాను. మూడో అంతస్తుకు తీసుకెళ్తున్నాను. అన్నయ్యగారు ఇంట్లోనే ఉంటారు ఈ టైముకి, ఆయన తిని చెప్పాలి నాకు అది బెండో కాదో. ఈసారి విత్తనానికి వదిలే అయిదు మొక్కల్ని మాత్రం మేడ మీద ఉంచను, మా వంటింటి బాల్కనీలోకి దించేశాను.