ఇంటి కింద చెరువు: భూకంపం గురించి తిరుపతి అడగాల్సిన ప్రశ్న

2021 నవంబరు వరదలు తగ్గిన కొద్ది రోజులకే తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి సంపు భూమిలోంచి పైకి లేచింది. ఒక మహిళ లోపలికి దిగి సంపు కడుగుతుండగా సిమెంటు ఒరల వరుస మొత్తం కదిలి, మనిషి ఎత్తు దాటి నేల మీద నిలబడింది. ఆమె ప్రాణాలతో బయటపడింది. ఊరు ఊరంతా వెళ్లి చూసొచ్చింది. టీవీల్లో రెండు రోజులు వింతగా చూపించారు, ఆ తర్వాత అందరం మర్చిపోయాం.

నేను మాత్రం మర్చిపోలేకపోయాను. ఖాళీ బిందెను నీళ్లలోకి అదిమి పట్టి చెయ్యి తీసేస్తే ఏమవుతుంది? ఎగిరి పైకొస్తుంది. సంపు కూడా అలాగే వచ్చింది. కడగడానికి లోపల నీళ్లు తోడేశారు కాబట్టి అది తేలికైపోయింది. చుట్టూ ఉన్న మట్టి వారాల తరబడి వానకు నాని పట్టు వదిలేసింది. అంటే ఆ ఇంటి చుట్టూ ఉన్నది ఆ క్షణంలో నేలలా కాదు, చిక్కటి నీళ్లలా పనిచేసింది. వాన ఇన్ని రోజులు తీసుకుని చేసిన ఆ పనిని భూకంపం ఒక్క నిమిషంలో చేస్తుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో నేలలో పాతిన ట్యాంకులు ఇలాగే పైకి తేలాయి. అక్కడే కాంక్రీటు అపార్ట్‌మెంట్లు పెద్దగా పగలకుండానే మొత్తం బ్లాకుకు బ్లాకే పక్కకు ఒరిగిపోయాయి. కట్టడంలో లోపం లేదు, నిలబెట్టిన నేలే మోసం చేసింది.

సంపు లేచిన ఆ నెలలోనే, 29వ తేదీ తెల్లవారుజామున, వెల్లూరుకు పడమటి వైపు 3.6 తీవ్రతతో చిన్న భూకంపం వచ్చింది. ఇలాంటిది ఎప్పుడొచ్చినా మన దగ్గర మొదటి ప్రశ్న ఒకటే: "మన కింద ఫాల్ట్ ఉందా?" అందులో తప్పేమీ లేదు. నేల నోరు తెరుచుకుని ఇంటిని మింగేస్తుందన్న భయం అందరికీ ఉంటుంది. కాకపోతే ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోవడం వల్ల మనకు నిజంగా పొంచి ఉన్న ప్రమాదం కంటికి ఆనడం లేదని నా అభిప్రాయం.

ముందు ఆ చీలిక సంగతి చూద్దాం. భూమి లోపల రెండు రాతి దిమ్మలు ఒకదాన్నొకటి రాసుకుంటూ జారే చోటే ఫాల్ట్. పాఠ్యపుస్తకాల్లో భ్రంశం అంటారు. ఆ జారుడు లోపలే ఆగిపోకుండా పైదాకా వస్తే నేల మీద గీత తెగుతుంది. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రత భూకంపం వచ్చినప్పుడు సగాయింగ్ ఫాల్ట్ వెంట వందల కిలోమీటర్ల పొడవునా ఇదే జరిగింది. ఒక సోలార్ విద్యుత్ కేంద్రం గేటు దగ్గరి సీసీ కెమెరాలో అది రికార్డయింది. గేటు మొదట గడగడ వణుకుతుంది. కాసేపటికి దాని అవతలి నేల, చెట్లు, స్తంభాలు అన్నీ కలిసి రైలు బోగీ కదిలినట్టు ఒక పక్కకు జరిగిపోతాయి. జపాన్ శాస్త్రవేత్తలు ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముగా కొలిచి, సుమారు 1.3 సెకన్లలో నేల 2.5 మీటర్లు జరిగిందని తేల్చారు. ఆ గీత మీద ఇల్లుంటే, ఎంత స్టీలు వేసి కట్టినా రెండు ముక్కలే.

అందుకే అలాంటి గీతలున్న దేశాలు వాటితో పోట్లాడవు, పక్కకు తప్పుకుంటాయి. తప్పుకోకపోతే ఏమవుతుందో తైవాన్ చూసింది: అక్కడ 1999 సెప్టెంబరు 21న వచ్చిన భూకంపంలో ఫాల్ట్ షిగాంగ్ డ్యామ్ కింది నుంచే వెళ్లి, డ్యామ్‌లో ఒక భాగాన్ని ఏడు మీటర్లకు పైగా పైకి లేపేసింది. కాలిఫోర్నియా 1971 భూకంపం చూశాక, 1972లోనే చట్టం తెచ్చి, చురుగ్గా ఉన్న ఫాల్ట్ గీత మీద మనుషులు నివసించే కొత్త భవనాలు కట్టకుండా చేసింది. అలాస్కాలో ఆయిల్ పైప్‌లైన్ డెనాలి ఫాల్ట్‌ను దాటక తప్పలేదు. కాబట్టి అక్కడ దాన్ని నేలలో పాతకుండా, పక్కకు జారగలిగేలా పొడవాటి దూలాల మీద కూర్చోబెట్టారు. 2002లో 7.9 తీవ్రతతో భూకంపం వచ్చి నేల మీటర్ల కొద్దీ జరిగినా చుక్క చమురు కారలేదు.

ఇదంతా గీత ఎక్కడుందో తెలిస్తే పనికొచ్చే జ్ఞానం. మనది పాత గట్టి రాతి పీఠభూమి. ఇక్కడ ఫాల్ట్‌లు లేకపోలేదు. ఒకసారి కదిలినది మళ్లీ కదలడానికి వేల ఏళ్లు పట్టవచ్చు, ఈలోగా వానలూ నాగళ్లూ ఆనవాళ్లన్నీ చెరిపేస్తాయి. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారిలో 6.2 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు పదివేల మంది చనిపోయేదాకా, ఆ ప్రాంతం దేశంలోకెల్లా తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉండేది. భూకంపం తర్వాత చూస్తే పొలాల్లో నేల మీటరు లోపు ఎత్తున గట్టులా లేచి ఉంది. అంతకుముందు రోజు అక్కడ ఫాల్ట్ ఉందని వేలు పెట్టి చూపించగలిగినవాళ్లు ఎవరూ లేరు. మన తెలుగు నేల మీద వచ్చినవి ఇంకా చిన్నవి: 1967లో ఒంగోలు దగ్గర 5.4, 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరులో ములుగు దగ్గర 5.3. ఈ స్థాయివి సాధారణంగా నేల పైదాకా చీల్చుకుని రావు.

కాబట్టి తిరుపతిలోనో చిత్తూరులోనో కూర్చుని ఫాల్ట్ గీత కోసం వెతకడం వల్ల మనకు కలిసొచ్చేది తక్కువ. పునాది కింద ఉన్న మట్టి అలా కాదు, అది మనకు తెలిసినదే. మన తాతలకు ఇంకా బాగా తెలుసు.

స్లాబ్ వేసే రోజు గమనించారా? సెంట్రింగ్ మీద పోసిన కాంక్రీటు కుప్పగా నిలబడి ఉంటుంది. మేస్త్రి అందులోకి వైబ్రేటర్ దించగానే కుప్ప కరిగి పాయసంలా పరుచుకుంటుంది. తీసేస్తే మళ్లీ బిగుస్తుంది. నీళ్లతో నిండిన వదులు ఇసుక మీద భూకంపం కూడా ఇదే చేస్తుంది. రేణువులు దగ్గరకు జరగాలని చూస్తాయి, మధ్యలో ఉన్న నీటికి పోయే దారి ఉండదు, బరువంతా నీటి మీద పడుతుంది. అప్పటిదాకా ఇంటిని మోసిన నేల నీరుగారిపోతుంది. దీన్నే లిక్విఫాక్షన్ అంటారు. బరువైనవి దిగిపోతాయి, తేలికైనవి పైకి తేలతాయి, కాస్త వాలు ఉన్నచోట నేలంతా పక్కకు పారుతుంది. 2018 సెప్టెంబరు 28న ఇండోనేషియాలోని పాలులో అలాంటి పారుదలలో పేటలకు పేటలే కొట్టుకుపోయాయి. అక్కడి వాలు కంటికి కనిపించనంత తక్కువ. ఎగువన వరి పొలాలకు నీరిచ్చే కాలువ వల్ల భూగర్భ జలం బాగా పైకి ఉండటం కూడా ఒక కారణమని తర్వాత పరిశోధకులు చెప్పారు. అంటే నేల తెగిన గీత దగ్గరే కాదు, దానికి కిలోమీటర్ల దూరంలో కూడా నేల చచ్చుబడవచ్చు.

పోయిన వేసవిలో మా బావమరిది తిరుపతి శివార్లలో ఒక ప్లాటు చూశాడు, తోడు రమ్మంటే వెళ్లాను. లేఅవుట్ చక్కగా ఉంది. రోడ్లు, కరెంటు స్తంభాలు, ఆర్చి, అన్నీ ఉన్నాయి. పక్క ప్లాటులో కాంపౌండు గోడ పిల్లరుకు గుంత తీసి వదిలేశారు. అందులోకి తొంగి చూశాను. పైన మూడడుగులు ఎర్ర గ్రావెల్. దాని కింద పగిలిన ఇటుకలు, టైల్స్ ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు. ఆ కింద నల్లటి బురద, అందులో తెల్లగా నత్త గుల్లలు. గుంత అడుగున నీటి చెమ్మ. మేకలు మేపుకుంటున్న పెద్దాయన మా దగ్గరకొచ్చి, "ఈత నేర్చుకునింది ఈడే సార్. మొరవ ఆ చింతచెట్టు కాడ ఉండేది" అన్నాడు. మొరవ అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు. లేఅవుట్ బ్రోచర్‌లో చింతచెట్టు ఉంది, మొరవ లేదు.

మన ఊళ్ల పేర్లే చాలా చెబుతాయి. కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట, రేణిగుంట. ఆ పేరున్న చోటల్లా ప్రమాదమని నేను అనడం లేదు. చెరువు అడుగున ఎక్కువగా ఉండేది బంకమట్టి, అది ఇసుకలా నీరుగారదు. స్వర్ణముఖి ఒడ్డున, పాత వాగుల దారుల్లో ఇసుక ఉంటుంది, అక్కడ లెక్క వేరు. అలాగని బంకమట్టిని నమ్ముకోవడానికీ లేదు. 1985లో మెక్సికో సిటీకి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో, సముద్రం పక్కన భూకంపం వస్తే, నగరంలో వేలమంది చనిపోయారు. ఆ నగరంలో చాలా భాగం పూడ్చిన సరస్సు మీద ఉంది. మెత్తటి అడుగు మట్టి, గిన్నెలో జున్నులా ఊగి, దూరం నుంచి వచ్చిన బలహీనమైన భూకంప తరంగాన్ని ఎన్నో రెట్లు పెంచింది. గట్టి నేల మీద ఉన్న పేటలకు పెద్దగా ఏమీ కాలేదు. మన దేశంలో 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలి వందలమంది పోయారు. కూలినవాటిలో చాలావరకు సబర్మతి పాత ప్రవాహం పక్కన ఒండ్రు నేల మీద, కింద అంతస్తు పార్కింగ్‌కు వదిలేసి కట్టినవని పరిశీలించిన ఇంజినీర్లు గుర్తించారు. ఆ వర్ణన చదివితే తిరుపతి బైపాస్ పక్కన లేస్తున్న భవనాలే నా కళ్లముందు మెదులుతాయి.

భుజ్ దగ్గరే ఇంకో సంగతి ఉంది, చెరువులున్న జిల్లాలవాళ్లం అది మరీ వినాలి. అంత పెద్ద భూకంపంలో ఫాల్ట్ చీలిక నేల పైదాకా రానే లేదు. అయినా చాంగ్, తప్పర్, సువి, ఫతేగఢ్ లాంటి మట్టి కట్టల డ్యామ్‌లు పగుళ్లిచ్చి కుంగిపోయాయి. కట్ట అడుగున ఉన్న తడి ఒండ్రు పట్టు వదలడమే కారణం. కరువు వల్ల అప్పుడు రిజర్వాయర్లలో నీళ్లు చాలా తక్కువగా ఉన్నాయి, లేకపోతే భూకంపం మీద వరద కూడా వచ్చి పడేది. ఇప్పుడు 2021 నవంబరు గుర్తు చేసుకోండి. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనన్న టెన్షన్‌తో ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించారు. చెరువులు నిండి, కట్టలు నాని, నేల నీళ్లు తాగి ఉన్న ఆ రోజుల్లోనే వెల్లూరు వైపు నేల కంపించింది. అది 3.6 కాబట్టి ఏమీ కాలేదు, కాదు కూడా. లిక్విఫాక్షన్‌కు సాధారణంగా 5 దాటాలి. కానీ వానా భూకంపమూ ఒకదాని తర్వాత ఒకటి వంతులేసుకుని వస్తాయన్న నియమం ఎక్కడా లేదు.

తిరుమల ఘాట్ రోడ్డు గురించి ఒక్క మాట. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్‌లో కొండచరియలు విరిగి రోడ్డు దెబ్బతింది, అది వానకే. తిరుమల కొండ గ్రానైట్ పీఠం మీద క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి పొరలు కూర్చున్న కొండ. ఆ రెండింటి మధ్య కోట్ల ఏళ్ల ఖాళీని చూపించే గీతను ఘాట్ రోడ్డులో బోర్డు పెట్టి మరీ చూపిస్తారు. అది ఫాల్ట్ కాదు, భయపడే గీత కాదు. పైనున్న క్వార్ట్‌జైట్ మాత్రం నెర్రెలతో దిమ్మలు దిమ్మలుగా ఉంటుంది. వానకే ఊడే దిమ్మ కుదుపుకు ఆగదు. కొండచరియల కోసం చేసే వలలూ, బోల్టులూ, డ్రైనేజీ పనుల లెక్కలో భూకంపం కుదుపును కూడా కలపాలి.

దేశాన్ని భూకంప ప్రమాదాన్ని బట్టి విడగొట్టిన జోన్ మ్యాప్ జిల్లాలకు జిల్లాలకే ఒక రంగు వేస్తుంది. వీధికీ వీధికీ ఉన్న తేడా అందులో కనబడదు. ఆ తేడా ఇప్పటికే మన దగ్గర ఉంది. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు అని రెవెన్యూ రికార్డుల్లో, సర్వే నంబర్ల కొలతలు చూపే ఎఫ్ఎంబీ పటాల్లో రాసే ఉంది. వాటిని ఇప్పటి లేఅవుట్ల మీద పరిచి, ఫోన్‌లో ఎవరైనా చూసుకునేలా పెట్టాలి. దీనికి కొత్త శాస్త్రం అక్కర్లేదు. పూడ్చిన నేల మీద అనుమతి ఇచ్చేముందు బోరు వేసి చేసే మట్టి పరీక్ష రిపోర్టును ప్లానుతో పాటే అందరికీ కనబడేలా ఉంచాలి. ఆ పరీక్ష కూడా బ్రహ్మవిద్య కాదు: 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే జారవిడుస్తూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. ఇసుక నేలలో పది దెబ్బల్లోపే దిగిపోతే అది వదులు నేల. అక్కడ పైల్స్ (లోతుగా దించే పునాది స్తంభాలు) వేయాలా, నేలను దిమ్మిస చేయాలా, అసలు కట్టకుండా వదిలేయాలా అన్నది ఇంజినీరు చెప్పాలి, ప్లాట్లు అమ్మేవాళ్లు కాదు.

లక్షలు పోసి ప్లాటు కొనేవాళ్లు వాస్తు చూపిస్తారు, లింకు డాక్యుమెంట్లు లాయరుకు ఇచ్చి చదివిస్తారు. మట్టి రిపోర్టు అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. మా బావమరిది అడిగాడు. "రేపు వాట్సాప్‌లో పెడతాం సార్" అన్నారు. అడిగి ఏడు నెలలైంది. ఆ పిల్లరు గుంతను మాత్రం మొన్న పూడ్చేశారు, గోడ లేస్తోంది.